ఓనరు దిగిపోతే ఎలా?

స్టేడియంలో ఎదురుగా ఉన్న వీఐపీ బాక్సులోకి ఓనరు వచ్చి కూర్చోగానే ఈ స్టాండులో జనమంతా లేచి ఆయనకి వీపు తిప్పాలి. ఆయన టీ తాగి వెళ్ళిపోయేదాకా అలాగే నిలబడాలి. అది అభిమానుల సంఘం తీర్మానం.

ఓనరుది టూత్‌పేస్టుల కంపెనీ. ఈ ఫుట్‌బాల్ క్లబ్బు కొన్న మొదటి ఏడాదే ఎర్ర జెర్సీని తన పేస్టు రంగులోకి మార్చేశాడు. జట్టు లేతాకుపచ్చగా పరిగెడుతుంటే అభిమానులకి ఒళ్ళు మండిపోయింది. సంఘం అధ్యక్షుడైతే ఆ పేస్టు వాడకమే మానేశాడు, ఇంట్లో ఉన్న ట్యూబులు అయిపోయాక.

అధ్యక్షుడి కొడుకు లిఫ్టులు రిపేరు చేస్తాడు. నాన్న మాట మీద మొదటిసారి వీపు తిప్పేసరికి, వెనక వరసలో ఒక అమ్మాయి కూర్చునే ఉంది. పక్కన చూపు ఆనని తాతయ్య. ఆయన చెవిలో ఆట చెబుతోంది.

"మీరు తిరగరా?" అన్నాడు కాస్త కోపంగా.

"నేను తిరిగితే తాతయ్యకి ఆట ఎవరు చెప్తారు? మీ వీపు చెప్తుందా?"

"ఓనరు మీద కోపం లేదా?"

"బోలెడుంది. కూర్చునే కోప్పడుతున్నా. కాస్త పక్కకి జరగండి, గోల్‌పోస్టు కనబట్లేదు."

జరిగాడు.

అప్పట్నుంచి ప్రతి మ్యాచ్‌లోనూ ఓనరు టీ తాగినంతసేపూ ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు అని తెలుసుకున్నాడు. స్కోరు మాత్రం మర్నాడు పేపర్లో చూసుకునేవాడు.

"ఏంటి, నినాదాలు అరవట్లేదు?" అందొకసారి.

"గొంతు బాలేదు."

"పోయిన మ్యాచ్‌లోనూ ఇదే చెప్పారు. డాక్టరుకి చూపించుకోండి."

"మీ డాక్టరు పళ్ళే చూస్తాడుగా."

ఒక సాయంత్రం నాన్న కేకు పట్టుకుని ఇంటికొచ్చాడు. "దిగిపోయాడ్రా! క్లబ్బు అమ్మేశాడు! గెలిచాం!"

కొడుకు ముఖం వాడిపోయింది. "పాపం, మంచాయనే కదా నాన్నా?"

"ఎవడ్రా మంచాయన?"

"అంటే... టీ కూడా నెమ్మదిగా తాగేవాడు."

అమ్మ వచ్చి కొడుకు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

తర్వాతి మ్యాచ్‌కి ఎర్ర జెర్సీ తిరిగొచ్చింది. కొత్త ఓనరుకి జనం చప్పట్లు కొట్టారు. ఎవరూ వీపు తిప్పలేదు. అధ్యక్షుడి కొడుకూ బుద్ధిగా గ్రౌండు వైపే తిరిగి కూర్చున్నాడు. తిరగడానికి ఇక సాకు లేదు. సాకు లేకుండా తిరిగితే, ఎందుకు తిరిగాడో చెప్పాలి.

వెనకనుంచి ఆమె గొంతు వినిపిస్తోంది. "బంతి మనవాళ్ళ దగ్గరే ఉంది తాతయ్యా... ఎడమవైపు పాస్ ఇచ్చాడు... ముందు వరసలో లిఫ్టుల అబ్బాయికి చెవులు ఎర్రబడ్డాయి..."

"ఎందుకటా?"

"వెనక్కి తిరుగుదామని ఉంది. ధైర్యం చాలట్లేదు."

అతను లేచి తిరిగాడు. స్టేడియం మొత్తంలో ఒక్కడే.

నాన్న చొక్కా పట్టి లాగాడు. "ఏంట్రా, కొత్తాయన మీద అప్పుడే కోపమా?"

"నాకు ఏ ఓనరు మీదా కోపం లేదు నాన్నా." ఆమెనే చూస్తూ అన్నాడు. "ఇన్నాళ్ళూ నేను తిరిగింది ఈవిడ కోసం. పాతాయన ఇంకో పదేళ్ళు ఉండిపోతే బావుండు అనుకున్నా."

నాన్న నోరు తెరిచాడు. అధ్యక్షుడి కొడుకు అనాల్సిన మాట కాదది.

ఆమె తల దించుకోలేదు. అలాగే చూస్తూ ఉండిపోయింది.

ఉన్నట్టుండి స్టేడియం అంతా ఎగిరి గంతేసింది. అరుపులు, ఈలలు. నోరు మూయడం మర్చిపోయిన నాన్న పక్కవాళ్ళెవర్నో కావలించుకున్నాడు.

తాతయ్య మనవరాలి చెయ్యి తట్టాడు. "గోలా? ఎవరు కొట్టారే?"

"చూడలేదు తాతయ్యా."

తాతయ్య చెవి ఇంకాస్త దగ్గరికి పెట్టాడు.

"సరేలే. చూసిందే చెప్పు."