విషం పట్టే కాగితం

బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక హోటల్లో ప్రొఫెసర్ మణియం భోజనం ముగించి చెయ్యి కడుక్కోబోయాడు. కుళాయిలో నీళ్ళు లేవు. పక్క టేబుల్ ఆడమనిషి తడి టిష్యూ ఒకటి అందించింది. ఆయన థాంక్స్ చెప్పి వేళ్ళు తుడుచుకున్నాడు. మూతీ తుడుచుకున్నాడు. లేచి రెండడుగులు వేసి కూలిపోయాడు.

ఆమె అప్పటికే మోనోరైలు మెట్లెక్కుతోంది. నల్లకళ్ళద్దాలు. ముఖానికి మాస్కు.

మర్నాడు ఉదయం గూఢచారి విభాగం చీఫ్ రామలక్ష్మి తన గది తలుపు గడియ వేసింది. ఎదురుగా ఏజెంట్ గణేశన్.

"గుండెపోటని రాసినారు. కాదు. విషం. ఏ టెస్టుకీ దొరకదు. అమ్మేది 'నీలికొంగ' ముఠా."

"ప్రొఫెసర్ వాళ్ళనేటి చేసినాడు?"

"మార్కులు వేస్తాడు. ఎస్టోనియా తెలుసా?"

"మ్యాప్‌లో వేలు పెడితే దాని కిందే ఉంటుంది."

"అంత చిన్నది. సైంటిస్టులంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఎవరి రీసెర్చికి సర్కారు డబ్బివ్వాలో వాళ్ళలో వాళ్ళే తేల్చుకుంటే పక్షపాతం అంటారు. అందుకే ప్రాజెక్టుల్ని పరదేశం నిపుణులకి పంపుతారు. నిపుణుల పేర్లు రహస్యం. ఈసారి ఒక అమ్మాయి ఈ విషాన్ని పట్టే కాగితం కనిపెడతానంటోంది. నెత్తుటి చుక్క పడితే రంగు మారుతుంది. డబ్బొస్తే ప్రతి ఆసుపత్రికీ చేరుతుంది. రాకపోతే ఆమె లేబ్ మూత."

"డబ్బొస్తే నీలికొంగ దుకాణం మూత."

"అదీ. ఆ ప్రాజెక్టుకి ముగ్గురు జడ్జీలు. మణియం పోయినాడు. బ్రాంట్ అనేవాడు యూరప్‌లో ఉన్నాడు. మూడో మనిషి ఇక్కడే, పక్క ఊరు క్లాంగ్‌లో, డాక్టర్ రత్నావతి. సాయంత్రం నాలుగింటికి వీడియో మీటింగు. ఆమె బతికుండాలి, మీటింగులోనూ ఉండాలి. యూరప్ వాళ్ళు కూడా కాపలాకి ఒక ఏజెంట్‌ని పంపినారు. దీపిక. హైదరాబాద్ పిల్ల. ఈ ఉదయమే విమానం దిగింది."

ఏసీ మెకానిక్ నీలం చొక్కాలో గణేశన్ క్లాంగ్‌లోని ఇంటి తలుపు కొట్టాడు. కళ్ళజోడు పెట్టుకున్న ఆడమనిషి తీసింది.

"ఏసీలో నీళ్ళు కారుతున్నాయా అక్కా?"

"కారటం లేదు. ఏడుస్తున్నాయి."

కోడ్ సరిపోయింది. రత్నావతి పక్కకు తప్పుకుంది.

హాల్లో దీపిక కూర్చుని ఉంది. ఎర్ర సిల్కు చీర, భుజం మీద నెమలి బ్రూచి. ఆమె నవ్వితే గది చిన్నదైనట్టు అనిపించింది.

"మీరొచ్చాక నాకేం పనుంటుందండీ!" అంది.

రత్నావతి తల్లి పాపమ్మ అందరికీ అన్నం పెట్టింది. నెత్తళ్ళ పులుసు, అన్నీ వేలెడంత చేపలు. గణేశన్ తలలతో సహా నమిలాడు.

"మెల్లగా బాబూ, సేపలేటి పారిపోవు," అంది పాపమ్మ. "నిన్న సాయంత్రం, రత్న ఇంటికి రాకముందే, తెల్లబాబొకడు వచ్చినాడు. రత్న రాసినవన్నీ సదివినాడంట. పట్టుగుడ్డ తెచ్చినాడు. నా పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. అన్నం తిననిదే ఒగ్గలేదు నేను."

"ఎవరమ్మా వాడు?"

"ఇంటికొచ్చినోడిని ఎవడివని అడుగుతామేటి?"

నాలుగైంది. రత్నావతి లోపలి గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. "ఇక్కడి మాట బయటివాళ్ళు వినకూడదు. హాల్లో ఉండండి," అంది. గణేశన్ తలుపు మాత్రం వేయనివ్వలేదు.

తెర మీద తాలిన్ నుంచి అధ్యక్షురాలు, పక్క గడిలో బ్రాంట్. విషం పట్టే కాగితం వంతు వచ్చింది.

బ్రాంట్ గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, ఇప్పుడే నాకొక ఫోటో అందింది. ఇందులో ఉన్నది దరఖాస్తుదారు లేబ్‌లో పనిచేసేవాడు. డాక్టర్ రత్నావతి ఇంట్లో నిలబడి ఆమె తల్లికి పట్టుబట్ట ఇస్తున్నాడు."

రత్నావతి ముఖం తెల్లబోయింది. "అతనెవరో నాకు తెలియదు!"

"సంబంధం ఉన్నవాళ్ళు గదిలో ఉండకూడదు," అంది అధ్యక్షురాలు. "అది నియమం. క్షమించండి డాక్టర్. ఒక్క నిమిషంలో మీ లైను తెంపుతాం."

హాల్లో గణేశన్‌కి అర్థమైంది. రెండో జడ్జి కూడా చస్తే మీటింగే వాయిదా పడుతుంది. అందుకే ఈమెను చంపరు. నియమంతోనే బయటికి నెడతారు. మిగిలేది బ్రాంట్ మాట ఒక్కటే.

పాపమ్మ పులుసు గిన్నె, కంచాలు తీస్తూ ఆగింది. దీపిక కంచం అంచున చేపల తలలు వరసగా పేర్చి ఉన్నాయి.

"నిన్న తెల్లబాబు ఎంట ముసుగేసుకుని ఒక పిల్ల వచ్చినాది. ఆ పిల్లా ముసుగు కాస్త ఎత్తి తింటూ ఇలాగే తలలు తుంచి అంచున పేర్చినాది. మన పిల్లలెవరైనా నెత్తలి తల తుంచుతారేటి?"

దీపిక నవ్వు ఆగిపోయింది. గణేశన్ ఏసీ రిమోట్‌లా కనిపించే, దొంగకెమెరాలు పట్టే పరికరం తీసి నెమలి మీదకు తిప్పాడు. రిమోట్‌లో ఎర్రలైటు వెలిగింది. బ్రూచిలో కెమెరా ఉంది.

"విమానం నిన్ననే దిగినట్టుంది," అన్నాడు.

దీపిక ఒక్క గెంతులో పాపమ్మ మెడ చుట్టూ చెయ్యి వేసింది. రెండో చేతికి సన్నని తొడుగు, అందులో తడి టిష్యూ. అది ముసలామె పెదవులకు అంగుళం దూరంలో ఆగింది.

"కదలకు. బ్రిక్‌ఫీల్డ్స్‌లో రెండడుగులు పట్టింది. ఈవిడకి అదీ అక్కర్లేదు."

గణేశన్ చేతులెత్తాడు. లోపల అధ్యక్షురాలి గొంతు: "ఇరవై సెకన్లు."

"అన్నమెట్టిన ఇంట్లోనా!" అంది పాపమ్మ. చేతిలో ఉన్న పులుసు గిన్నె వెనక్కి, భుజం మీదుగా, దీపిక కళ్ళలోకి కుమ్మరించింది.

దీపిక అరిచింది. గణేశన్ ఆమె మణికట్టు తిప్పేశాడు. టిష్యూ నేలమీద పడింది. "తాకొద్దు!" అని కాలితో గుమ్మం అవతలికి తన్ని, దీపిక చేతులకు ఏసీ వైరు చుట్టాడు. ఆమె ఫోన్ గుంజుకున్నాడు. తెర ఇంకా ఆరలేదు. చివరగా ఫోటో వెళ్ళిన నంబరు పైనే ఉంది. నొక్కాడు.

లోపలి గదిలో, ల్యాప్‌టాప్‌లో, బ్రాంట్ కోటు జేబు మోగింది.

బ్రాంట్ కదల్లేదు. జేబు ఆగలేదు.

"తీయండి డాక్టర్," అంది అధ్యక్షురాలు.

గణేశన్ తలుపు దగ్గరకొచ్చి ఫోన్ ఎత్తి కెమెరాకి చూపించాడు. "మోగిస్తున్నది నేనే మేడమ్. ఈ ఫోన్ మణియం గారిని చంపిన మనిషిది. మీ జడ్జి జేబులోకి ఎందుకు మోగుతోందో అడగండి."

బ్రాంట్ గడి నల్లబడింది. లైను తెంపుకున్నాడు. అధ్యక్షురాలు పక్కకు తిరిగి పోలీసుల్ని పిలవమంది. తర్వాత మళ్ళీ తెరవైపు తిరిగింది.

"ఆ చేతిమీదుగా వచ్చిన ఫోటో చెల్లదు," అంది. "డాక్టర్ రత్నావతి, మీ అభిప్రాయం?"

రత్నావతి తన నోట్సు తెరిచింది. పూర్తిగా చదివి చెప్పింది. ప్రాజెక్టు నెగ్గింది.

పోలీసులు దీపికను తీసుకెళ్ళాక గణేశన్ గుమ్మంలో కూర్చున్నాడు.

"డబ్బొచ్చేసినట్టే. ఇక ఆ అమ్మాయికి నిశ్చింత కదా అక్కా?"

"నిశ్చింతేటి? ఇక ఏడాదికోసారి రిపోర్టు రాయాలి. ఏం కొన్నది, ఏం పగిలింది, ఎందుకు ఆలస్యమైంది, అన్నీ."

"అమ్మో! మా పనే నయం. మమ్మల్ని చంపడానికి వస్తారు గాని రిపోర్టు అడగరు."

జేబులో ఫోన్ కొట్టుకుంది. రామలక్ష్మి.

"గణేశన్! ఏటి జరిగిందో మొత్తం రాసి రేపు ఉదయానికి నా టేబుల్ మీద పెట్టు. మూడు కాపీలు."