ముసలి మెకానిక్ అనని మాట

"నవ్వడానికేముంది కుయా అక్కడ?"

కుయా, అంటే అన్నా, అని ఎవరో పిలవడంతో అర్నెల్ ఉలిక్కిపడ్డాడు. నవ్వినట్టు అతనికే తెలియదు. నెత్తి మీంచి నీళ్ళు కారుతున్నాయి, బూట్లు చెరువులయ్యాయి. బయట కుబావ్ పేట వీధులు వానకు మునిగి బస్సులు కదలకపోతే, తలదాచుకోవడానికి ఈ పాత మాల్ నేలమాళిగలోకి దిగాడు. అన్నీ బొమ్మల దుకాణాలు, కామిక్సుల దుకాణాలు, పాత వీడియో గేములమ్మే దుకాణాలు. వాటి చివర అగ్గిపెట్టెంత కొట్టు ఒకటి. దాని ముందు వేలాడుతున్న నల్ల టీషర్టు మీద తెల్లటి అక్షరాలున్నాయి.

"అలిసిపోతే కూర్చో. కూర్చున్నవాడు ఓడిపోయినవాడు కాదు."

కింద చిన్నగా, 'ముసలి మెకానిక్' అని రాసుంది.

"నేను నవ్వలేదండీ."

"నవ్వారు. పళ్ళు కూడా కనిపించాయి."

కొట్టులో ప్లాస్టిక్ స్టూలు మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. ముఖానికి పెద్ద కళ్ళద్దాలు. జుట్టు ముడేసి అందులో పెన్సిలు గుచ్చుకుంది. చూపు మాత్రం నేరుగా, పన్ను వసూలు చేసేవాళ్ళ చూపులా ఉంది.

అర్నెల్ నోరు జారాడు. "ఆ మాట ఆ ముసలాయన అనలేదు. అసలు జపాను కార్టూన్లో ఆయన నట్టు పట్టడం లేదని విసుక్కుంటాడు, అంతే."

"వచ్చారండీ పండితులు! మీలాంటోళ్ళు రోజుకొకరు వస్తారు, అసలులో అలా లేదు, మనోళ్ళు పాడు చేశారు అనుకుంటూ. నట్టు గురించి చొక్కా వేస్తే కొంటారా మీరు?"

"కొనను."

"మరింకేం? కొనేదుంటే కొనండి. లేకపోతే నా సరుకు మీద నీళ్ళు కార్చకుండా కాస్త అవతలికి జరగండి."

మాల్ ఏసీకి అతని పళ్ళు టకటకలాడుతున్నాయి. ఒంటి మీదకు పొడిబట్ట కావాలి. అతని కొలతకు సరిపోయేది ఆ కొట్లో అదొక్కటే ఉంది. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు పెద్దలు. నవ్విన చొక్కానే కొని, తొడుక్కుని బయటపడ్డాడు.

ఇక్కడ అర్నెల్ సంగతి చెప్పాలి. ఆ మాట రాసినవాడు అతనే.

పరాయిదేశాల కార్టూన్లకు తమ తగలోగ్ భాషలో మాటలు రాయడం అతని ఉద్యోగం. తెర మీద ఎవరి నోరు ఎంతసేపు ఆడితే అంతసేపటికి సరిపోయే మాట రాయాలి. తక్కువ కాకూడదు, ఎక్కువ కాకూడదు. మరమనుషుల కార్టూన్లో ఆ సన్నివేశానికి వచ్చిన కాగితంలో 'ముసలివాడు గొణుగుతాడు' అని మాత్రం ఉంది. ముసలివాడి నోరేమో ఆడుతూనే ఉంది. "ఏదో ఒకటి పెట్టవయ్యా, భోజనాల వేళయింది!" అని స్టూడియో యజమాని కేకేశాడు. అర్నెల్ ఏదో ఒకటి పెట్టాడు. అది నట్టు గొడవని ఆ తర్వాతెప్పుడో జపాను భాష వచ్చిన ఒకాయన చెప్పాడు. మాటలు బస్తాల లెక్కన రాసేవాడికి ఒక గింజ గుర్తుంటుందా? ఈ చొక్కా కనబడేదాకా మర్చిపోయాడు.

అతనికి ముప్పై దాటాయి. ఆ ఊళ్ళో చాలామందిలాగే పొద్దున బయల్దేరేటప్పటికే అలిసిపోయి ఉండేవాడు. పగలంతా పరాయి నోళ్ళలో మాటలు పెట్టేసరికి సాయంత్రానికి తన నోట్లో ఏమీ మిగిలేది కాదు. ఫోన్లో తల్లి ఏమడిగినా "ఊ" అనేవాడు. ఆవిడ కాసేపు చూసి పెట్టేసేది.

ఆ సాయంత్రం బస్సులో ఊచ పట్టుకుని వేలాడుతుంటే, ఒక పెద్దావిడ అతని ఛాతీ మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. కూరల సంచీ ఒళ్ళోకి లాక్కుని పక్కకు జరిగింది.

"కూర్చో నాయనా. నువ్వే చెబుతున్నావుగా," అంది.

అర్నెల్ కూర్చున్నాడు. దిగాల్సిన చోటు దాటిపోయినా లేవలేదు.

మర్నాడు సాయంత్రం మళ్ళీ ఆ కొట్టు ముందున్నాడు.

"ఏం కుయా, రంగు వెలిసిందా?"

"లేదు."

"మరి?"

"ఊరికే."

"ఊరికే వచ్చేవాళ్ళకి స్టూలు లేదు. కొనేవాళ్ళకే కూర్చునే హక్కు. నిలబడండి."

నిలబడ్డాడు. ఆ తర్వాత చాలా సాయంత్రాలు అలాగే నిలబడ్డాడు. ఆమె పేరు మరివిక్. పేరుకు స్టిక్కర్లూ చొక్కాలూ అమ్మే కొట్టే గానీ, అతనికది మందుల దుకాణంలా కనిపించేది. మనుషులు వచ్చి కష్టం చెప్పుకునేవారు. మరివిక్ వాళ్ళను ఎగాదిగా చూసి, కార్టూన్లలోంచో గేముల్లోంచో ఒక మాట తీసి చేతిలో పెట్టేది.

ప్రేమించిన పిల్ల వదిలేసిందని ఒకడు ముక్కు చీదాడు. "అంతరిక్ష దొంగ ఏమన్నాడు? ఓడ పోతే పోయింది, ఈత వచ్చుగా అన్నాడు. ఇదుగో, ఫోను వెనకాల అంటించుకో," అంది.

రాత్రి షిఫ్టులకు కళ్ళు గుంటలుపడ్డ ఒక పిల్ల వచ్చింది. "గబ్బిలాల రాణి మాట ఇస్తా ఉండు. లోకం నిద్రపోయాక మేలుకునేదాన్ని చీకటి అనరు, దీపం అంటారు," అంది.

ఆ పిల్ల వెళ్ళాక అర్నెల్ అడిగాడు. "ఇందరి మాటలు చెబుతావు. నీది ఒక్కటీ లేదా?"

"మీకుందా?"

అతను ముందున్న స్టిక్కర్లు సర్దడం మొదలుపెట్టాడు.

"చూశారా! ఇద్దరం అద్దె కొంపలోళ్ళమే," అని మరివిక్ పకపకా నవ్వింది. ఆ నవ్వు వినడానికి అతను ఇంకో గంట నిలబడగలడు. కాళ్ళు పీకుతున్న సంగతి ఇంటికెళ్ళాక గానీ తెలిసేది కాదు.

ఒకరోజు వానకు బేరాల్లేవు. మరివిక్ మోకాళ్ళ మీద లావుపాటి నర్సింగు పుస్తకం పెట్టుకుని ఉంది.

"నర్సుల లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాను కుయా," అంది తల ఎత్తకుండానే. "రెండోసారి లిస్టులో పేరు లేదని తెలిసిన మధ్యాహ్నం ఇంట్లో ఎవ్వరూ మాట్లాడలేదు. నాన్న అన్నం తినకుండానే కిరాయికి తిప్పే ట్రైసికిల్ తీసుకుని వెళ్ళిపోయాడు. నేను నడిగదిలో అలా నిలబడిపోయాను. కూర్చోడానికి కూడా మొహం చెల్లలేదు. టీవీ దాని మానాన అది మోగుతోంది. అప్పుడు ఆ ముసలాయన అన్నాడు ఆ మాట. కూర్చున్నాను. కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఏడ్చాక ఆకలేసింది. అంతే."

అర్నెల్ చేతిలో ఉన్న స్టిక్కరు కింద పెట్టేశాడు.

"ఇప్పుడు మళ్ళీ రాస్తున్నాను. భయంగా ఉంది. పరీక్షకు వేసుకోవాల్సిన తెల్ల యూనిఫాం లోపల ఈ చొక్కా వేసుకునే వెళ్తాను." ఆమె కళ్ళద్దాలు తీసి అతన్ని చూసింది. "కుయా, మొదటిరోజు మీరన్నది నిజమేనా? ఆయన ఆ మాట అనలేదా?"

అర్నెల్ తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. భోజనాల తొందరలో తను పెట్టిన ముక్క మీద ఈ పిల్ల రెండేళ్ళుగా నిలబడి ఉంది. పరీక్ష ముందు దాన్ని కాళ్ళ కింద నుంచి లాగేస్తే ఏమవుతుంది? పైగా ఈ పిల్లంటే తనకు ప్రాణమని అతనికి ఈపాటికి తెలిసిపోయింది.

"నిజం కాదు. ఏదో గొప్ప కోసం అలా అన్నాను."

"అనుకున్నా! మొహం చూస్తేనే తెలిసింది," అని ఆమె తేలిగ్గా ఊపిరి తీసుకుంది. అబద్ధం ఆడటం ఇంత సులువా అనిపించింది అతనికి. మోయడం అంత సులువుగా లేదు. ఆ రాత్రంతా అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నాడు.

పరీక్ష దగ్గరపడుతుండగా, అర్నెల్ వాళ్ళ స్టూడియోలో కార్టూన్లకు డబ్బింగు చెప్పే పెద్దాయన మాంగ్ దోమెంగ్ అతన్ని వెతుక్కుంటూ అక్కడికి వచ్చాడు.

"ఒరే అర్నెల్! రోజూ మాయమైపోతుంటే ఎక్కడికా అనుకున్నాను. ఇక్కడా నీ మకాం!"

మరివిక్ స్టూలు మీంచి చటుక్కున లేచింది. ఆ గొంతు ఆమెకు నిద్రలో వినిపించినా గుర్తుపడుతుంది.

"మీరు... మీరు ముసలి మెకానిక్..."

"నేనేనమ్మా!" పెద్దాయన మురిసిపోయి కొట్టంతా కలయజూశాడు. నల్ల చొక్కా కనబడింది. "ఓరి నీ! ఇది వీడు రాసిందే కదూ! యజమాని తిండి వేళయిందని గోల పెడుతుంటే, వీడు గోడకి కాగితం ఆనించి నిలబడే బరికాడమ్మా. నేను చదివి పారేశాను. జనం చొక్కాలేసుకుంటారని ఎవడు కలగన్నాడు?"

ఆయనొక్కడే నవ్వాడు. కాసేపటికి ఆయనకూ పరిస్థితి అర్థమై, బస్సు వంక పెట్టుకుని జారుకున్నాడు.

"మా ఇంటి సంగతి చెబుతుంటే కూడా లోపల నవ్వుకున్నారా?" అంది మరివిక్. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"లేదు మరివిక్, ఒట్టు..."

"మరేమనుకున్నారు? చెప్పండి. ఎవరి మాటలూ వద్దు. మీ మాటల్లో చెప్పండి."

అందరి నోళ్ళకూ మాటలందించేవాడికి ఆ పూట ఒక్క మాట దొరకలేదు. మరివిక్ స్టూలు లోపలికి లాక్కుంది. తర్వాత షట్టరు దించేసింది. మర్నాడూ తీయలేదు, ఆ మర్నాడూ తీయలేదు.

పరీక్షరోజు సాయంత్రం అర్నెల్ ఒక ప్లాస్టిక్ స్టూలు కొని, బస్సులో నలుగురి చేతా తిట్లు తింటూ దాన్ని పరీక్ష జరిగే బడి దాకా మోసుకెళ్ళాడు. గేటు ముందు తల్లులూ తండ్రులూ గొడుగులతో, గంజి డబ్బాలతో కిక్కిరిసి ఉన్నారు. వాన మొదలైంది.

"బాబూ, ఖాళీయేనా?" ఒకావిడ స్టూలు మీద చెయ్యేసింది.

"లేదండీ. ఒకరు రావాలి."

"అప్పటిదాకా నువ్వయినా కూర్చో. ఎంతసేపని నిలబడతావు?"

"ఇది నాది కాదండీ," అన్నాడు.

గంట మోగింది. జనం ఒక్కసారిగా గేటు మీదకు ఎగబడ్డారు. అర్నెల్ మునివేళ్ళ మీద లేచి అందరి ముఖాలూ చూస్తుండగానే మరివిక్ అతని పక్కనుంచే దాటిపోయింది. చూసేసరికి వీపే కనబడింది. జుట్టులో పెన్సిలు లేదు, ముడి విడిపోయి తడుస్తోంది.

"మరివిక్!"

ఆమె ఆగింది. తిరగలేదు. మళ్ళీ నడక సాగించింది.

"మరివిక్! ఒక్కసారి ఇటు చూడు!"

ఆమె ఇంకా వేగంగా నడిచింది. అర్నెల్ స్టూలు కింద పెట్టాడు. అయిపోయిందనుకున్నాడు. 

"ఏవయ్యా, బుద్ధుందా నీకు?" ఇందాకటి ఆవిడ గొడుగుతో అతని భుజం పొడిచింది. "పరీక్ష రాసి వస్తున్న పిల్లని వెనక్కి తిరగమంటావా? పెన్సిలు విరిచి, వెనక్కి చూడకుండా ఇంటికెళ్ళాలి. తిరిగిందంటే పరీక్ష మళ్ళీ రాయాల్సొస్తుంది. నీకెవరూ చెప్పలేదా?"

"ఎప్పుడో విన్నానండీ. మర్చిపోయాను."

"మరి నన్నేం చూస్తావు? ఆ పిల్ల తిరగదు. నువ్వే ముందుకెళ్ళు."

అర్నెల్ స్టూలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తాడు. గుంటల్లో పడుతూ లేస్తూ, గొడుగులు తప్పించుకుంటూ, వీధి మలుపు దగ్గర ఆమెకు ఎదురెళ్ళి స్టూలు దించాడు. 

"ఏంటి మీ అరుపులు?" మరివిక్ కళ్ళెర్రజేసింది. "తిరక్కుండా ఆపుకునేసరికి మెడ పట్టేసింది నాకు! మూడోసారి కూడా తప్పించాలనా?"

తడిసిన తెల్ల యూనిఫాం లోంచి నల్లచొక్కా అక్షరాలు కనిపిస్తున్నాయి.

"ఇంకా వేసుకున్నావే," అన్నాడు.

"కోపం రాసినవాడి మీద. మాట మీద కాదు."

"కూర్చో మరివిక్."

ఆమె స్టూలు వంక చూసింది, అతని వంక చూసింది, కూర్చుంది. గుప్పిట్లో పెన్సిలు ముక్కలు రెండూ అలాగే ఉన్నాయి.

"చెప్పండి. ఆ రోజు అడిగిందానికి."

"ఆ రోజు స్టూడియోలో పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాను," అన్నాడు అర్నెల్. "నాకక్కడ కుర్చీ లేదు. పని మానేద్దామనుకుంటున్నాను. ఎవరన్నా ఒక్కళ్ళు కూర్చోరా అంటే బాగుండుననిపించింది. ఎవరూ అనలేదు. అందుకని ఆ ముసలాయన చేత అనిపించాను. ఏదో ఒకటి పెట్టాననే ఇన్నాళ్ళూ అనుకున్నా. నువ్వు మీ నడిగది సంగతి చెప్పినప్పుడు అర్థమైంది, అది నాకు నేను చెప్పుకున్న మాటని. నేను నవ్వుకోలేదు. నాకు ఏడుపొచ్చింది, నీ ముందు ఏడవడానికి సిగ్గేసింది. అబద్ధం చెప్పింది నీ పరీక్ష పోతుందని. ఇంకొకటి... పొద్దున లేవబుద్ధి కాదు నాకు. సాయంత్రం నీ కొట్టు ముందు నిలబడొచ్చు కదా అని లేస్తున్నాను. షట్టరు దించేశాక కూర్చున్నా అలసటగానే ఉంది. నువ్వు పాసవనీ, తప్పనీ, నీ పక్కన నిలబడనీ నన్ను. అంతే."

మరివిక్ పెన్సిలు ముక్కలు జేబులో వేసుకుంది. కళ్ళద్దాల మీద వాన చినుకులు తుడుచుకుంది. తుడిచినా కళ్ళు తడిగానే ఉన్నాయి.

"మరీ పొడుగ్గా ఉంది. చొక్కా మీద పట్టదు," అంది.

"తెలుసు."

"ముందూ వెనకా వేసినా పట్టదు."

"ఊ."

"అయినా దీన్ని అమ్మను. నేనే ఉంచుకుంటా."

ఆమె లేచి, స్టూలు అతని వైపు తోసింది.

"ఇప్పుడు నువ్వు కూర్చో," అంది. నువ్వు అనడం అదే మొదటిసారి.

"మరి నువ్వు?"

"నీ తర్వాత నేను, నా తర్వాత నువ్వు. వంతులేసుకుందాం."

అర్నెల్ కూర్చున్నాడు. మరివిక్ అతని భుజం మీద చెయ్యేసి నిలబడింది. వాన తగ్గేలా లేదు, బస్సు వచ్చేలా లేదు. ఇద్దరికీ తొందరేం లేదు.