రీబూట్ చేసి చూశాను

"చదువుకున్న వాణ్ణి పంపిస్తానన్నారు మీ ఓనరు. మీరేనా?"

కళ్ళద్దాల షాపు కౌంటరు వెనక నుంచి వచ్చిన ఆ ప్రశ్నకి మనవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. భుజాన టూల్స్ బ్యాగు, చేతిలో తడి గొడుగు, మొహాన ఆరేళ్ళ కంప్యూటర్ రిపేరు అనుభవం తెచ్చిపెట్టిన కాస్త గర్వం. ఆ గర్వానికి ఇంకో పావుగంటే ఆయుష్షు ఉందని పాపం అతనికి తెలియదు.

"నేనేనండి. ప్రాబ్లమ్ ఏంటి?"

"ప్రస్తుతానికి మీ గొడుగే. ఫ్రేముల మీద కారుతోంది."

గొడుగు బయట పెట్టి వచ్చాడు. ఆమె తడిసిన ఫ్రేములు ఒక్కొక్కటే తుడుస్తూ, బల్ల కిందున్న నల్లటి చిన్న పెట్టె వైపు గడ్డంతో చూపించింది.

అదో పాత మినీ కంప్యూటర్. దాని మీద ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ ఫైర్‌వాల్ ఎక్కించి ఉంది. బయటినుంచి వచ్చే ఇంటర్నెట్‌కీ షాపు కంప్యూటర్లకీ మధ్యలో కూర్చుని, ఎవర్ని రానివ్వాలో ఎవర్ని ఆపాలో చూసుకోవడం దాని పని. అలా మధ్యలో కూర్చోవాలంటే రెండు వైర్లు కావాలి. పెట్టెకేమో వైరు పెట్టుకునే చోటు ఒక్కటే ఉంది. అందుకని రెండోదానికి యూఎస్‌బీ అడాప్టర్ తగిలించారు. ఆ అడాప్టర్‌తో ఎలా మాట్లాడాలో పెట్టెకి నేర్పే చిన్న ప్రోగ్రామే డ్రైవరు. అది ఎక్కకపోతే అడాప్టర్ ఉన్నా లేనట్టే.

"పాతదాని మీద మా నాన్న కుర్చీ చక్రం ఎక్కింది. అదే మోడల్ కొత్తది తెప్పించాం. పెట్టె గుర్తుపట్టట్లేదు," అందామె. "లెన్సుల ఆర్డర్లన్నీ ఆన్‌లైన్లోనే వెళ్ళాలి. పొద్దుటినుంచి ఒక్కటీ వెళ్ళలేదు."

"కంపెనీవాళ్ళు పైన పేరు ఒకటే ఉంచి లోపల చిప్ మార్చేస్తుంటారండి. కింద నంబరు చూస్తే తెలిసిపోతుంది." అడాప్టర్ తిరగేశాడు. దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు. "చివర మూడు."

"ఎనిమిది," ఆమె కౌంటరు అవతలి నుంచే తలకిందులుగా చదివేసింది.

"ఇక్కడ లైటు సరిగ్గా లేదండి."

"లైటు బాగానే ఉంది. మీ కళ్ళ సంగతి తర్వాత చూద్దాం."

లోపల గదిలో ఎవరికో కళ్ళు పరీక్ష చేస్తున్న వాళ్ళ నాన్నగారు కిసుక్కున నవ్విన చప్పుడైంది. మనవాడు చెవులు వేడెక్కుతుండగా బల్ల కిందకి దూరాడు. పెట్టెకి మానిటర్ తగిలిస్తూ తలెత్తితే, గోడకి టేపుతో అంటించిన ప్రింటు కాగితం ఎదురుగా కనబడింది.

"నా దగ్గర బాగానే పని చేస్తోంది. రీబూట్ చేసి చూశాను, ఢోకా లేదు. మీరు ముందు చదవడం నేర్చుకోండి. ఇట్లు, ఉక్కుగోడ."

కింద నలభై రెండు మంది మెచ్చుకున్నట్టు గుర్తు. ఆ కింద పెన్సిల్‌తో ఏదో సన్నగా రాసి ఉంది కానీ అతనికి అలుక్కుపోయినట్టు కనబడింది.

ఉక్కుగోడ అంటే మనవాడే.

ఇలాంటి పెట్టెలు వాడేవాళ్ళు ఒకరి సందేహాలు ఒకరు తీర్చుకునే వెబ్‌సైట్లో, అంటే ఫోరంలో, అతను పెట్టుకున్న పేరది. రెండేళ్ళ కిందట, ఇలాంటి పెట్టెలో యూఎస్‌బీ అడాప్టర్ డ్రైవరు ఎలా ఎక్కించాలో పద్ధతంతా రాసి పెట్టాడు. ఎక్కించిన మాట నిజమే, పని చేసిన మాటా నిజమే. కానీ పెట్టె ఆపి మళ్ళీ ఆన్ చేసి చూద్దామనుకునే లోపే అడాప్టర్ తాలూకు కస్టమర్ వచ్చి పట్టుకుపోయాడు. చూశానని రాసేశాడు. ఒక్క వాక్యమే కదా అనుకున్నాడు. తర్వాత ఎవరో, "మీరు చెప్పినట్టే చేశాను, రీబూట్ అయ్యాక అడాప్టర్ కనబడట్లేదు, దయచేసి చెప్పండి" అని మూడుసార్లు అడిగితే, విసుగొచ్చి ఆ జవాబిచ్చాడు. ఆ ఎవరో మళ్ళీ ఫోరంలో కనబడలేదు.

"ఏంటండీ, అక్కడే ఉండిపోయారు?"

"ఈ కాగితం..." బల్ల కింద నుంచే వేలు చూపించాడు.

"ఓ, అదా. మా గురువుగారు." ఆమె చేతిలో గుడ్డ ఆగింది. "అసలు పొరపాటు ఆయనదే. డ్రైవరు ఎక్కించమని చెప్పే లైను ఏ ఫైల్లో రాయమన్నాడో, దాన్ని పెట్టె ఆన్ అయినప్పుడల్లా తనంతట తనే మళ్ళీ రాసుకుంటుంది. మన లైను కాస్తా ఎగిరిపోతుంది. పక్కనే మన కోసం వేరే ఫైలు పెట్టుకోవాలి. దాన్ని అది ముట్టుకోదు. ఇది తెలుసుకోవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది."

"ఫోరంలో చెప్పలేదా మీరు?"

"నలభై రెండు మంది చప్పట్లు కొట్టాక ఏ మొహం పెట్టుకుని చెప్తానండీ?" అంది మామూలుగానే. "ఆయన ఎప్పుడైనా దొరికితే మా కళ్ళ టెస్టింగ్ కుర్చీలో కూర్చోబెట్టి బోర్డు మీద ఆఖరి వరస చదివిస్తాను."

నేనేనండి అని అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోటితో, "స్క్రూడ్రైవర్ ఉందా?" అన్నాడు. అతని బ్యాగులో నాలుగున్నాయి.

సాయంత్రానికి కొత్త చిప్‌కి సరిపడే డ్రైవరు దొరికింది. లైను రాయబోతే అలవాటు కొద్దీ చెయ్యి పాత ఫైలు మీదికే పోయింది. ఆమె టక్కున మౌస్ మీద చెయ్యేసి ఆపింది. "అందులో కాదన్నానా?" ఆమె వేళ్ళు అతని వేళ్ళకి తగిలాయి. ఇంకో రోజైతే మనవాడు ఆ సంతోషానికి వారం రోజులు నిద్రపోయేవాడు కాదు. ఆ రోజు మాత్రం తేలు కుట్టిన దొంగలా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

అక్కడితో ఆ షాపు వైపు చూడకుండా ఉంటే కథే లేదు. మూడో రోజుకల్లా, "డ్రైవరు ఎలా ఉందో చూద్దామని" వచ్చాడు. వారానికి, "కేబుల్ వదులుగా ఉందేమోనని" వచ్చాడు. పదో రోజుకి చెప్పడానికి ఏమీ దొరకలేదు. ఆమే పెట్టింది వంక.

"కళ్ళు చూపించుకోవడానికి వచ్చారు కదా?"

"ఆ... అవునండి."

వాళ్ళ నాన్నగారు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా బోర్డు వెలిగించారు. "పై నుంచి చదువు బాబూ." మొదటి రెండు వరసలు గడిచాయి. మూడో వరస దగ్గర మనవాడు అందాజాగా ఏవో అక్షరాలు చెప్పుకుపోయాడు.

"అక్షరాలు అలుక్కుపోయేలా చేసే సిలిండర్ పవర్ బాగా ఎక్కువే ఉంది. ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చావయ్యా?"

చీటీ మీద నంబర్లు రాసుకుంటున్న ఆమె తలెత్తకుండానే అంది: "మీరు ముందు చదవడం నేర్చుకోవాలండీ."

తండ్రీ కూతుళ్ళు నవ్వారు. అది వాళ్ళింట్లో రెండేళ్ళుగా నడుస్తున్న జోకు. మనవాడూ నవ్వాడు. ఆ నవ్వు ఎలా నవ్వాడో అతనికే తెలియాలి. భూమి చీలితే ఆ కుర్చీతో సహా దిగిపోయి ఉండేవాడు.

ఫ్రేము ఆమే ఎంచింది. నాలుగు పెట్టి తీసేసి అయిదోది ఉంచింది. పెట్టినప్పుడల్లా మొహంలోకి చూసింది. అలా చూసినప్పుడల్లా ఇవాళ చెప్పేయాలి అనుకున్నాడు. ఇంటికెళ్ళి, చెప్పనందుకు తనని తనే తిట్టుకున్నాడు.

అద్దాలు రావడానికి ఇంకా రెండు రోజులుందనగా, మధ్యాహ్నం పూట జోరున వాన పట్టుకుంది. ఆ దారిన పోతున్న మనవాడు పరిగెత్తుకొచ్చి, గొడుగు బయట పెట్టి షాపులోకి దూరాడు. నాన్నగారు భోజనానికి వెళ్ళారు. ఇద్దరూ గుమ్మంలో నిలబడి వాన చూస్తుంటే కరెంటు పోయింది, నిమిషంలో మళ్ళీ వచ్చింది.

"పెట్టె," అన్నారిద్దరూ ఒకేసారి.

బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆమె భుజం అతని భుజానికి ఆనింది. పెట్టె మీద ఎర్ర లైటు వెలిగింది. అడాప్టర్ చీకటిగానే ఉంది. పది సెకన్లు, ఇరవై సెకన్లు. ఊపిరి బిగబట్టారు. అడాప్టర్ మీద పచ్చ లైటు టిక్కుమని వెలిగింది.

"చూశారా? వానే రీబూట్ చేసి పెట్టింది," ఆమె మొహం వెలిగిపోతోంది. "ఒక మాట చెప్పనా? కంప్యూటర్లు తెలిసిన వాళ్ళంటే నాకు చిరాకుండేది. అందరూ ఆ ఉక్కుగోడలాగే ఉంటారనుకున్నాను. మీరలా కాదు. నేను చెప్పింది విన్నారు. ఆపితే ఆగారు. అలాంటివాళ్ళంటే నాకు... ఇష్టం."

ఏ కుర్రాడైనా ఎగిరి గంతెయ్యాల్సిన మాట అది. మనవాడికి ఏడుపొచ్చినంత పనయింది.

"ఉక్కుగోడ నేనే," అన్నాడు.

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. ఆమె నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"రీబూట్ చేసి చూడలేదండి. చూశానని అబద్ధం రాశాను. మొదటి రోజే చెప్పాల్సింది. భయమేసింది. తర్వాత సిగ్గేసింది. తర్వాత మీరు... నన్ను క్షమించండి."

ఆమె లేచి కౌంటరు వెనక్కి వెళ్ళింది.

"ఇన్ని రోజులూ ఆ కాగితం ముందు కూర్చుని నాతో కబుర్లు చెప్పారన్నమాట."

"అవునండి."

"మీ గొడుగు బయటుంది."

తడుస్తూ ఇంటికెళ్ళాడు. గొడుగు చేతిలోనే ఉంది, తెరవాలన్న ధ్యాస లేదు. అక్క తువ్వాలు ఇచ్చి, సంగతంతా కక్కించింది.

"నిజం చెప్పేశాను కదక్కా. ఇంకేం చెయ్యను?"

"ఒరేయ్, ఆ పిల్లని నువ్వు ఆ మాట ఎక్కడ అన్నావ్?"

"ఫోరంలో."

"ఎంతమంది ముందు?"

అతను తువ్వాలు మొహం మీదికి లాక్కుని గబగబా తల తుడుచుకోసాగాడు.

"నలుగురిలో నిలబెట్టి తిట్టి, సారీ మాత్రం గదిలో కూర్చుని గుసగుసగా చెప్పొచ్చావా? బాగుందిరా నీ నిజం."

తల తుడుచుకోవడం ఆపేశాడు. రెండేళ్ళలో తనకి తట్టనిది అక్కకి రెండు ప్రశ్నల్లో తట్టింది. ఆ సిగ్గు మిగతా అన్నింటికంటే ఎక్కువగా తగిలింది.

మర్నాడు పొద్దున్నే, తను పనిచేసే రిపేరు షాపులో కూర్చుని, పాత జవాబు కిందే రాశాడు. "పైన నేను రాసిన పద్ధతి తప్పు. రీబూట్ చేసి చూశానన్నది అబద్ధం. మూడుసార్లు మర్యాదగా అడిగినావిడ చెప్పిందే నిజం. సరైన పద్ధతి ఆవిడ పదకొండు రోజులు కష్టపడి కనుక్కున్నది, నాది కాదు. వివరాలు చెప్పాల్సింది ఆవిడే, ఇష్టమైతే. ఆవిణ్ణి చదవడం నేర్చుకోమన్నాను. నేర్చుకోవాల్సింది నేను. క్షమించమని అందరి ముందూ అడుగుతున్నాను."

గంటలో జవాబులు మొదలయ్యాయి. "నీ వల్ల మా ఆఫీసు రెండు రోజులు మూతపడింది" అని ఒకడు. "గోడ కూలింది" అని ఇంకొకడు. ఒక్కదానికీ ఎదురు చెప్పకుండా ప్రతివాడికీ క్షమించమని రాశాడు. ఆమె నుంచి మాత్రం ఏమీ రాలేదు. అయిదు రోజులు గడిచాయి.

ఆరో రోజు ఫోను మోగింది. నాన్నగారు.

"బాబూ, అద్దాలొచ్చి నాలుగు రోజులైంది. పట్టుకెళ్ళవా?"

వెళ్ళాడు. కుక్కిన పేనులా ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఆమె అద్దాలు పెట్టి, చెవుల వెనక సర్దింది. తర్వాత గోడ మీది కాగితం జాగ్రత్తగా ఊడదీసి, అయిదడుగుల దూరంలో పట్టుకుని నిలబడింది.

"చదవండి. పైకి."

"నా దగ్గర బాగానే పని చేస్తోంది..." నాన్నగారు వింటున్నారు. అయినా ఒక్క అక్షరం మింగకుండా, "మీరు ముందు చదవడం నేర్చుకోండి" దాకా చదివాడు.

"కింద పెన్సిల్‌తో ఉన్నది."

ఇన్నాళ్ళూ అలుక్కుపోయినట్టు కనబడింది ఇప్పుడు స్పష్టంగా ఉంది. "షాపు మూసి మూడు రోజులు. తప్పు నాదే అంటున్నారు నాన్న. నిజంగా నాకే చదవడం రాదేమో."

ఆఖరి మాటలు సరిగ్గా బయటికి రాలేదు. కొత్త అద్దాలు మసకబారాయి. కౌంటరు దగ్గర నాన్నగారు చేతిలోని ఫ్రేము కింద పెట్టి తల దించుకున్నారు.

"ఆ రోజు నేనూ గట్టిగా అరిచానమ్మా," అన్నారు. "ఈ అబ్బాయి ఒక్కడిదే కాదు తప్పు."

"ఇంకో లైనుంది," అంది ఆమె. గొంతు కాస్త మెత్తబడింది.

అట్టడుగున నీలం సిరాతో, కొత్తగా రాసినది. "ఆయన అందరి ముందూ రాసింది చదివాను. దాని కింద ఫోరంలోనే ఇవాళ సరైన పద్ధతి రాసి పెట్టాను. మూడుసార్లు రీబూట్ చేసి చూశాకే."

చదివి తలెత్తాడు. ఆమె మొహం ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు. ఎడమ కనుబొమ్మ పక్కన చిన్న పుట్టుమచ్చ ఉంది. అదీ ఇప్పుడే తెలిసింది.

"మరి నేను..." అన్నాడు.

"మీ మీద ఇంకా కోపం పోలేదు."

"పోవాలని అడగనండి."

"ఆదివారం సాయంత్రం నేను ఖాళీ," అంది కాగితం నాలుగు మడతలు పెట్టి అతని జేబులో ఉంచుతూ. "వాన పడితే గొడుగు తెచ్చుకోండి. ఈసారి తెరవండి."

నాన్నగారు గొంతు సవరించుకుని, బిల్లు పుస్తకం వెతుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయారు. అది ఆయన ముందే ఉంది.