సేమ్యా వేటకుక్కేనా?

మూడేళ్ళుగా నాకొక అనుమానం ఉంది. పరుగెత్తడానికి ఇంత పొడవు కాళ్ళిచ్చిన దేవుడు, వాటిలో అగ్గిపుల్లల్లాంటి ఎముకలెందుకు పెట్టాడు?

మా సేమ్యాను చూసినప్పుడల్లా ఇదే అనుకుంటాను. పొద్దున వేంకటేశ్వరస్వామి పటం ముందు దీపం పెట్టేటప్పుడు ఒక్కోసారి అడిగేస్తాను కూడా. ఆయన నవ్వుతూ ఊరుకుంటాడు.

సేమ్యా మా కుక్క. ఇటాలియన్ గ్రేహౌండ్ అనే జాతి. పిల్లి కంటే కాస్త పెద్దది, అంతే. సన్నని మూతి, సన్నని నడుము, సేమ్యా లాంటి కాళ్ళు. నా భార్య పద్మజ ఒక ఇంట్లో వంట చేసేది. కరోనా ఏడాది ఆ ఇంటివాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోతూ దీన్ని మాకిచ్చారు. పేరు మా అమ్మాయి దేవి పెట్టింది. దేవి ఇప్పుడు ఐదో తరగతి.

మేముండేది అరబ్బు దేశంలో, ఉమ్ అల్ క్వైన్ అనే ఊళ్ళో ఒక పాత ఇంటి వాటాలో. ముందు ఇసుక పెరడు, చుట్టూ ఇనుప వల కంచె.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నేను నడిపే లాండ్రీ వ్యాన్ నిలిపి భోజనానికి వచ్చాను. ఒంటిపూట బడి నుంచి వచ్చిన దేవి యూనిఫాం కూడా మార్చుకోకుండా గోంగూర మడి దగ్గర నిలబడి ఉంది.

"నాన్నా, మళ్ళీ తినేశాయి!"

మడిలో కాడలే మిగిలాయి. పక్క వీధిలో ఎవరో పెంచి వదిలేసిన కుందేళ్ళు పిల్లాపాపలతో ఈ చుట్టుపక్కలే కాపురం పెట్టాయి. అంత పుల్లటి ఆకు వాటికెలా నచ్చిందో!

పద్మజ తల పట్టుకుంది. "అయిపోయింది. ఈసారి కూడా చిట్టెమ్మక్కకి మొహం చూపించలేను."

చిట్టెమ్మది రాజోలు. రెండు వీధుల అవతల చిన్న గదిలో ఉంటుంది. ఆ గది ముందు మొక్క వేసుకునే చోటు లేదు. అందుకే ఊరి నుంచి తెచ్చుకున్న గోంగూర విత్తనాలన్నీ మాకే ఇచ్చేసింది. "మొదటి కోత నాది, సరేనా?" అని మాత్రం అడిగింది. అప్పటి నుంచి రెండు శీతాకాలాలు గడిచాయి. రెండుసార్లూ మొదటి కోత కుందేళ్ళే కోసుకున్నాయి.

అంతలో నా స్నేహితుడు లింబాద్రి వచ్చాడు. శుక్రవారం అతని భోజనం మా ఇంట్లోనే. ఇక్కడికి దగ్గర్లో ఒక అరబ్బు తోటలో సలూకీ కుక్కలను చూసుకుంటాడు. సలూకీలు ఎత్తుగా, నాజూగ్గా ఉంటాయి. పూర్వం ఎడారిలో కుందేళ్ళను వేటాడేవట. ఇప్పుడు వేట లేదు. జీపుకు కట్టి లాగే తోలుముక్క వెంట పరుగెత్తిస్తారు.

"కుందేళ్ళకు గింత పరేషాన్ ఎందుకు వదినా? ఇంట్ల వేటకుక్కను వెట్టుకొని!" అన్నాడు లింబాద్రి.

"ఏది, ఇదా?" పద్మజ నవ్వేసింది. సేమ్యా ఎర్ర స్వెట్టర్ వేసుకుని గుమ్మంలో ఎండ కాచుకుంటోంది.

"గా మూతి జూడు, గా కాళ్ళు జూడు. మా సలూకీని సూరన్న లాండ్రీల ఏస్తే గిట్లనే కుంచించుకపోతది. గదే జాతి!" అంటూ నా వైపు చూసి కన్ను గీటాడు.

"చాల్లే అన్నయ్యా! చినుకు పడితే వాకిట్లోకి రాదు. సోఫా ఎక్కాలంటే ఎత్తి కూర్చోబెట్టాలి. వేటకెళ్తుందంట, వేటకి!"

"ఒక్కపారి ఇడిసి జూడుండ్రి. కుందేలును వట్టకపోతే నా పేరు మార్చుకుంట."

దేవి అన్నం కలపడం ఆపింది. "నాన్నా, వదులుదామా?"

"వద్దమ్మా. తాడు విప్పకు" అన్నాను.

సాయంత్రం నేను గేటు బయట వ్యాన్ కడుగుతున్నాను. పెరట్లో దేవి గొంతు మెల్లగా వినిపించింది.

"స్వెట్టర్ అడ్డం కదా? తీసేద్దాం. తాడు కూడా అడ్డమే. భయపడకు సేమ్యా, నువ్వు వేటకుక్కవి. లింబాద్రి మామయ్య చెప్పాడుగా."

నేను తొంగి చూసేసరికి బూడిదరంగు కుందేలొకటి మడిలో కూర్చుని మిగిలిన కాడనొకదాన్ని తీరిగ్గా నములుతోంది. సేమ్యా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒక ముందుకాలు గాలిలో నిలిచిపోయింది.

"దేవీ, ఆగు!" అని అరిచాను.

"యల్లా, సేమ్యా! పద!" అంది దేవి అప్పటికే.

అబ్బ, ఆ పరుగు! సోఫా ఎక్కలేని మా సేమ్యాయేనా అది? నడుము విల్లులా వంగుతోంది, సాగుతోంది. కాళ్ళు ఇసుకను తాకుతున్నట్టే లేవు. కుందేలు తోకకు జానెడు దూరంలోకి వచ్చేసింది. దేవి చప్పట్లు కొట్టింది. నేను చేతిలోని పైపును మరిచిపోయి నిలబడ్డాను.

కుందేలు గబుక్కున తిరిగి కంచె కింది సందులోంచి దూరిపోయింది. సేమ్యా ఆగలేదు. వేగంగా వెళ్ళి కంచెకు కొట్టుకుంది.

ఒక్క కేక పెట్టింది. నేను పైపు వదిలేసి పరుగెత్తాను.

తెగిన తీగ గుచ్చుకుని భుజం దగ్గర చర్మం బట్టలా చీరిపోయింది. దేవి తన చున్నీని దాని చుట్టూ చుట్టింది. వ్యాన్‌లో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. దారి పొడవునా దేవి దాని తల నిమురుతూ "సారీ, సారీ" అంటూనే ఉంది.

"కాలు విరగలేదు. అదృష్టం" అంది పశువుల డాక్టరమ్మ, కుట్లు వేస్తూ.

దేవి కళ్ళు తుడుచుకుంది. "డాక్టర్, ఇది వేటకుక్క కాదా?"

"కళ్ళు వేటకుక్కవే. పరుగూ వేటకుక్కదే. ఏదో ఒక రోజు కుందేలును పట్టినా పట్టేస్తుంది. కానీ చర్మం చూడు, ఉల్లిపొరలా ఉంది. ముళ్ళల్లో, రాళ్ళల్లో రోజూ ఆ పని చేయమంటే ఎన్నాళ్ళు తట్టుకుంటుంది? కుందేలు కనిపిస్తే దీనికి కంచె కనిపించదు. తనంతట తాను ఆగదు."

తిరిగి వస్తుంటే దేవి నా వైపు తిరిగింది.

"నాన్నా, నేను యల్లా అన్నాను కాబట్టే వెళ్ళింది కదా?"

"ఊఁ."

"మొదట నా వైపు చూసింది. వెళ్ళనా అని అడిగినట్టు."

ఇన్నేళ్ళూ నేను ఆ కాళ్ళ గురించే స్వామిని అడిగాను. వాటిని పరుగుకు పంపేవాళ్ళ గురించి ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు లింబాద్రి పాత వల చుట్టను భుజాన వేసుకుని వచ్చాడు. మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటుతో ఉన్న సేమ్యాను చూసి చతికిలబడ్డాడు.

"నా నోరు మంచిది గాదు బిడ్డా. తెల్వకుంట వాగిన."

"మీరు వాగారు. నేను వదిలాను" అంది దేవి. "ముందు పార పట్టుకోండి మామయ్యా. కుందేళ్ళు కింద తవ్వుతాయి. వలని లోతుగా పాతాలి."

"ఇప్పుడు నన్నేం పేరు వెట్టి పిలుస్తవు మరి?"

"పని అయ్యాక చెప్తాను."

వల పాతినా ఒకటి రెండు కుందేళ్ళు గేటు సందులోంచి వస్తూనే ఉన్నాయి. అందుకని రోజూ సాయంత్రం దేవి స్టూల్ వేసుకుని కూర్చునేది. ఒళ్ళో దుప్పటి చుట్టుకున్న సేమ్యా. చేతిలో స్టీలు పళ్ళెం, గరిటె. పొద్దు వాలాక మాకెవరికీ కుందేలు కనబడదు. సేమ్యాకు కనబడుతుంది. దాని చెవులు లేవగానే దేవి దాన్ని జాగ్రత్తగా స్టూల్ మీద కూర్చోబెట్టి, తాడు పద్మజ చేతికిచ్చి, పళ్ళెం మోగించుకుంటూ పరుగెత్తేది. సేమ్యా తోక ఊపుతూ చూసేది.

"కుందేళ్ళ సంగతేమో గానీ నా పళ్ళెం సొట్టలు పోయింది" అని పద్మజ సణిగేది.

మోడు కాడలు మళ్ళీ చిగురించాయి. ఎండలు ముదరకముందే మడి నిండా ఎర్రటి కాడలు, పచ్చటి ఆకులు. దేవి మొదటి కోత కోసి కట్ట కట్టింది. నేను మాకోసం గుప్పెడు తీసుకోబోతే పద్మజ నా చేతి మీద ఒక్కటేసింది.

కట్ట ఒక చంకలో, సేమ్యా ఇంకో చంకలో పెట్టుకుని దేవి చిట్టెమ్మ గదికి బయలుదేరింది. వెనక నేను. ఆమె గుమ్మం ముందు ఒక పిల్లి అడ్డంగా పరుగెత్తింది. సేమ్యా కాళ్ళు గాలిలోనే పరుగు మొదలుపెట్టాయి. దేవి దాన్ని గుండెకు హత్తుకుంది.

"చూడు, చాలు" అంది.

చిట్టెమ్మ బయటికి వచ్చింది. "ఏమే, కుందేళ్ళ మీదకి దూకింది ఈ ఊచేనా?"

"ఇది చూస్తుంది పెద్దమ్మా. పరిగెత్తేది నేను. ఇదిగో, మీ మొదటి కోత."

చిట్టెమ్మ కట్ట అందుకుని ఆకుల్లో మొహం పెట్టి గట్టిగా వాసన పీల్చింది. ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంది. పులుపుకు ఒక కన్ను మూసుకుపోయింది.

"ఖలాస్. మీ బాకీ తీరిపోయింది" అంది. "ఇంక నన్ను చూసి సందు మారొద్దని మీ అమ్మతో చెప్పు."