ఎవరో మాట్లాడితేనే రాస్తుంది

ఆ ఆఫీసులో కింది అంతస్తుకి మొదట్నుంచీ చెడ్డపేరు.

పదహారు మెట్లు దిగాలి. దిగితే ఇరుకైన నడవ, నడవలో పక్కపక్కనే రెండు గదులు. ఒకటి పాత రికార్డులది, రెండోది టైపు చేసేవాళ్ళది. రెండింటికీ కిటికీలు లేవు. రెంటి మధ్య గోడకి పైన, గాలి ఆడ్డానికని జానెడు జాలీ ఒకటి పెట్టారంతే. పగలైనా లైటు వేస్తేనే చెయ్యి కనబడుతుంది. సాయంత్రం ఐదు దాటిందంటే ఎంత పని ఉన్నా కింద ఎవరూ కూర్చోరు. పక్కనే ఎవరో నిలబడి ఊపిరి తీస్తున్నట్టు ఉంటుందని ఒకరంటారు. వెనక కుర్చీ జరిగిన చప్పుడైందని ఇంకొకరు. ఎవరు పోయారు, ఎప్పుడు పోయారు అనడిగితే మాత్రం తలో మాట... గుమాస్తా అని కొందరు, ఆ గోడ కట్టిన మేస్త్రీ అని కొందరు.

వాచ్‌మన్ సంగతి చెప్పక్కర్లేదు. రాత్రి గస్తీ అంటే పై మెట్టు మీద నిలబడి కిందికి టార్చి వేస్తాడు. ఒకసారి దగ్గుతాడు. వెళ్ళిపోతాడు.

అలాంటి చోట ఒక రాత్రి టైపిస్టమ్మ ఒంటరిగా కూర్చోవాల్సి వచ్చింది. ఆవిడ నోటి నుంచి విన్నది విన్నట్టు చెబుతున్నాను.

టైపిస్టమ్మకి దెయ్యాలంటే నమ్మకం లేదు. లేదని పగటిపూట చెప్పేది.

ఆవిడ పని ఏమిటంటే, విచారణల్లో సాక్షులు చెప్పిన మాటల్ని హెడ్‌ఫోన్లో విని, అక్షరం పొల్లుపోకుండా టైపు చెయ్యడం. అప్పుడొక పడవ మునిగిన కేసు నడుస్తోంది. పదకొండు మంది పోయారు. మర్నాడు పదింటికి విచారణ. పోయినవాళ్ళ తాలూకు మనుషులంతా వస్తారు. బతికి బయటపడ్డ ఒకావిడ సాక్ష్యం అప్పటికల్లా కాగితాల మీద సిద్ధంగా ఉండాలి. రికార్డింగులు ఆ గది గడప దాటకూడదని రూలు. ఇంటికి పట్టుకెళ్ళి చేసుకుందామంటే కుదరదు.

మామూలుగా అయితే సాయంత్రానికే అయిపోయేది. కానీ ముందురోజే ఆవిడ లాప్‌టాప్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించారు.

ఇక చూసుకోండి తిప్పలు. పొద్దున తెరిచేసరికి తెలుగక్షరం ఒక్కటీ లేదు, అన్నీ ఖాళీ డబ్బాలే. ఫాంట్లు మళ్ళీ ఎక్కించుకుంది. అక్షరాలొచ్చాయి, శబ్దం పోయింది. శబ్దం తెచ్చుకుంటే, రికార్డింగుని ఆపడానికీ వెనక్కి తిప్పడానికీ కాలితో తొక్కే పెడల్ పనిచెయ్యలేదు. దాని పాత డ్రైవర్ కొత్త సిస్టమ్‌కి గిట్టదట. పీకి, పెట్టి, ఆపి, వేసి... మధ్యలో అది తనంతట తానే ఆగిపోయి, కాస్త ఓపిక పట్టమని చెప్పి గంటసేపు చక్రం తిప్పుకుంటూ కూర్చుంది.

చివరికి ఆడపడుచుకి ఫోన్ చేసింది. ఆ అమ్మాయిది ఇదే పని. ఎక్కడెక్కడి వాళ్ళ కంప్యూటర్లు మొరాయించినా ఫోన్లోనే బాగుచేయిస్తుంది. రాత్రి డ్యూటీ కాబట్టి పగలు పడుకుంటుంది.

"చిట్టీ, నిద్ర లేపానా?"

"లేపావులే వదినా. ఏమంటోంది నీ లాప్‌టాపు?"

ఒక్కొక్కటీ అడిగి, ఒక్కొక్కటీ నొక్కించింది చిట్టి. పెడల్ కదిలేసరికి సాయంత్రం ఆరు.

"ఎక్కించాక అదేవో ప్రశ్నలడిగి ఉంటుందే? వాటికేమన్నావు?"

"అడిగినవాటికల్లా సరే అన్నాను. కాదంటే మళ్ళీ మొదటికొస్తుందేమోనని భయం."

"మా అన్నయ్యకి మాత్రం ఒక్కదానికీ సరే అనవు," అని నవ్వి ఫోన్ పెట్టేసింది చిట్టి.

అప్పటికి ఆఫీసంతా ఖాళీ.

టైపిస్టమ్మ గది తలుపు దగ్గరగా వేసుకుంది. మూలన తేమ పీల్చే యంత్రం — కాగితాలు బూజు పట్టకుండా పెట్టింది — గుర్రు పెట్టినట్టు మోగుతూనే ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఆ మోత కూడా వినబడలేదు. చెవుల్లో ఇక సాక్షి గొంతు ఒక్కటే.

"పడవ ఒక పక్కకి ఒరిగిందండీ... మా చెల్లెలి చెయ్యి నా చేతిలోనే ఉంది..."

పెడల్ తొక్కి ఆపింది. టైపు చేసింది. సరి చూసుకుందామని తెర వైపు చూస్తే —

'మా చెల్లెలి చెయ్యి నా చేతిలోనే ఉంది అమ్మా'

అమ్మా అని తను కొట్టలేదే! అలసట, అనుకుంది. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. సాక్షి ఆ మాట అననేలేదు. చెరిపేసింది.

ఇంకో పేజీ నడిచింది. ఈసారి పేరా మధ్యలో — 'నీళ్ళు'.

పడవ కేసులో నీళ్ళు అన్న మాట రాకేం చేస్తుంది? కానీ అక్కడ సాక్షి చెబుతున్నది ఒడ్డున జనం పోగైన సంగతి. వెనక్కి తిప్పింది. లేదు. ఇంకా వెనక్కి తిప్పింది. లేదు. చెరిపేసింది.

తొమ్మిది కావస్తోంది.

'కాలు కదలట్లేదు'

రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. పెడల్ మీంచి కాలు తీసింది. చెవుల్లో నిశ్శబ్దం. తెర మీద కర్సర్ ఆరుతూ వెలుగుతూ ఉంది.

ఆవిడ చూస్తూ ఉండగానే — ఎవరూ తాకకుండానే — ఒక్కో అక్షరం పడింది.

'ఊపిరి... ఆడట్లేదు'

'ఎవరైనా'

'ఉన్నారా'

టైపిస్టమ్మకి పదకొండు మంది గుర్తుకొచ్చారు. వాళ్ళ పేర్లు, వయసులు తనే కదా టైపు చేసింది! అందులో ఆరేళ్ళ పిల్ల కూడా ఉంది. నీళ్ళు, కాలు, ఊపిరి... హెడ్‌ఫోన్లు లాగి పారేసింది. యంత్రం మోత తప్ప ఇంకేమీ లేదు. కుర్చీ ఎప్పుడు తోసిందో, తలుపెప్పుడు తీసిందో తెలీదు. పదహారు మెట్లూ ఎక్కేసి వాచ్‌మన్ ముందు నిలబడేదాకా వెనక్కి చూడలేదు.

"బాబాయ్... కింద... లాప్‌టాప్ దానంతటదే రాస్తోంది."

వాచ్‌మన్ మొహం పాలిపోయింది. కిందికి రమ్మంటుందేమోనని ముందే రెండడుగులు వెనక్కి వేశాడు.

"నే చెప్తూనే ఉన్నానమ్మా... ఇంటికెళ్ళిపో. తెల్లారాక చూసుకోవచ్చు."

"పదింటికి విచారణ బాబాయ్. ఇంకా సగం కూడా కాలేదు."

"ఉద్యోగం పోతే ఇంకోటొస్తుంది తల్లీ!"

టైపిస్టమ్మ గేటు దాకా వెళ్ళింది. వెళ్ళి ఆగింది. రేపు వచ్చి కూర్చునేవాళ్ళ మొహాలు కళ్ళ ముందు మెదిలాయి. చిట్టికి ఫోన్ చేసింది. చిట్టి అప్పుడే డ్యూటీ ఎక్కింది.

జరిగిందంతా విని చిట్టి నవ్వేసింది.

"దెయ్యమూ లేదు, ఏమీ లేదు వదినా. పొద్దున అన్నిటికీ సరే అన్నావు చూడు, అందులో ఒకటి ఇది. మనం మాట్లాడితే అదే టైపు చేస్తుంది. తెర మీద మూల చిన్న మైకు గుర్తు ఉండి ఉంటుంది, నువ్వు చూసుకోలేదు. ఆపడం చెప్తాను, కిందికి వెళ్ళు."

టైపిస్టమ్మ గేటు దగ్గర్నుంచి మళ్ళీ మెట్ల వైపు తిరిగింది. ఇంతేనా! ఇంతదానికేనా తను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెత్తింది! సిగ్గేసింది కూడా. రెండు మెట్లు దిగింది. మూడో మెట్టు మీద ఆగిపోయింది.

"చిట్టీ... నేను మాట్లాడలేదే."

"రికార్డింగులో మాట పట్టుకుని ఉంటుంది."

"అది నా చెవులకి తప్ప బయటికి వినబడదు. పైగా అప్పుడు ఆపేసే ఉంది."

చిట్టి ఏదో వెతుకుతున్నట్టు అవతల కీబోర్డు టకటకలాడింది.

"చిట్టీ?"

"వదినా..." ఈసారి ఆ పిల్ల గొంతులో నవ్వు లేదు. "అది దానంతటది రాయదు. ఎవరో మాట్లాడితేనే రాస్తుంది. కొత్తదాంట్లో చప్పుళ్ళన్నీ తీసేసి గొంతొక్కటే పట్టుకునే ఏర్పాటుంది. మన చెవికి ఆననిది కూడా దానికి ఆనుతుంది. ఆ గదిలో... ఇంకెవరున్నారు?"

ఎవరూ లేరు.

గదిలో ఎవరూ లేరు...

గోడకి పైన జాలీ ఉంది.

టైపిస్టమ్మ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కిందికి దిగింది. భయం పోయి కాదు. ఆ మెట్లు దిగినంతసేపూ చిట్టిని ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండమంది. గదిలోకి వెళ్ళి తెర వైపు చూడకుండా తిన్నగా మూలకెళ్ళి, తేమ యంత్రం ప్లగ్ పీకేసింది.

మోత ఆగింది. అంత నిశ్శబ్దం ఆ గదిలో ఆవిడ ఎప్పుడూ వినలేదు.

ఊపిరి బిగబట్టి జాలీ కింద నిలబడింది.

ఒక నిమిషం. రెండు నిమిషాలు...

అప్పుడు, గోడ అవతల్నుంచి... గాలి కన్నా సన్నగా...

"అమ్మా..."

"బాబాయ్!" అని ఆవిడ పెట్టిన కేకకి అంతస్తంతా దద్దరిల్లింది. "మనిషున్నాడు బాబాయ్! రికార్డుల గదిలో మనిషి!"

దెయ్యమంటే అంగుళం కదలని వాచ్‌మన్, మనిషి అనేసరికి మూడేసి మెట్లు దూకుతూ వచ్చాడు.

రికార్డుల గది తలుపు గొళ్ళెం వెయ్యలేదు, దగ్గరగా మూసి ఉందంతే. లోపల చీకటి, బల్బు పగిలి ఉంది. టార్చి వేస్తే నేలంతా కట్టలు. వెనక వరసలో ఇనుప రాక్ ఒకటి గోడకి అడ్డంగా ఒరిగి ఉంది. దాని కింద, ఫైళ్ళ గుట్టలోంచి తెల్లటి తలొకటి కనిపించింది. కట్టలాయన!

ఆ ఆఫీసులో రికార్డులు చూసే పెద్దాయనని అందరూ అలాగే పిలిచేవారు. ఎప్పుడు చూసినా చంకలో రెండు కట్టలుంటాయి మరి. మర్నాటి విచారణకి పడవ తాలూకు పాత లైసెన్సు కాగితాలు కావాలంటే, నాలుగున్నరకి వెతకడానికి లోపలికెళ్ళాడు. టైపిస్టమ్మ టీకని పైకెళ్ళి ఉన్న కాసేపట్లో రాక్ ఆయన మీద పడింది. ఆ సాయంత్రం కూతురి ఇంటికెళ్తానని పొద్దున్నే అందరికీ చెప్పి ఉండడంతో, వెళ్ళిపోయాడనే అనుకున్నారు. కూతురేమో పని తెమలక రాలేదనుకుంది. నాలుగున్నర గంటలపాటు ఆయన ఆ బరువు కింద ఉండిపోయాడు.

ఇద్దరూ కలిసి రాక్ ఎత్తలేకపోయారు. కట్టలు ఒక్కొక్కటే లాగి పారేశారు. టైపిస్టమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని సీసాలో నీళ్ళతో పెదాలు తడిపింది. ఫోన్లో అంతా వింటున్న చిట్టి అటునుంచే అంబులెన్సుకి చెప్పింది. ఆ వచ్చినవాళ్ళు నలుగురూ తలో చెయ్యీ వేసి రాక్ జరిపి, ఆయన్ని పైకి మోసుకెళ్ళారు. టైపిస్టమ్మ లాప్‌టాప్ మూయడానికి కూడా ఆగలేదు. తన గదికి తాళం వేసి, తాళంచెవి సంచిలో పడేసుకుని వాళ్ళతోపాటే అంబులెన్సెక్కింది.

రాత్రంతా ఆసుపత్రి బెంచీ మీద కూతురి పక్కనే కూర్చుంది. తెల్లవారుజామున డాక్టరు వచ్చి, కాలు రెండు చోట్ల విరిగింది, ప్రాణానికి భయం లేదన్నాడు. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు.

ఆరింటికల్లా టైపిస్టమ్మ మళ్ళీ ఆఫీసులో ఉంది. పదింటికి విచారణ కదా! తాళం తీసింది. తెర వెలుగుతూనే ఉంది, మైకు గుర్తు కూడా. ముందు రాత్రి పడ్డ మాటలన్నీ చెరిపేసి సాక్ష్యం పూర్తి చేద్దామని కూర్చుంది.

అన్నీ ఉన్నాయి అందులో. కట్టలాయన పిలిచిన పిలుపులు. తన కేక. 'నెమ్మది నెమ్మది', 'అటు పట్టు', 'కాలు జాగ్రత్త' అని అంబులెన్సు వాళ్ళ మాటలు. చివర్న వాచ్‌మన్ అన్నది — 'తలుపు వేసెయ్యండమ్మా'.

చదువుతూ, చెరుపుకుంటూ వచ్చింది. అక్కడితో అయిపోవాలి.

అవలేదు.

చాలా కిందికి, ఖాళీగా వదిలేసిన వరసలు కొన్ని దాటాక —

'బతుకుతాడా'

ఇంకా కిందికి...

'ఎవరైనా చెప్పండి'

యంత్రం ప్లగ్ తను పీకినట్టే పడి ఉంది. తాళంచెవి రాత్రంతా తన సంచిలోనే ఉంది. రికార్డుల గదికి తాళం వేసి పైకొచ్చాక తెల్లారేదాకా ఎవరూ మెట్లు దిగలేదని వాచ్‌మన్ ప్రమాణం చేశాడు. గస్తీకి కూడా దిగలేదని మొదటిసారి నిజం ఒప్పుకున్నాడు. వీధిలో ఎవరి మాటలో పట్టుకుని ఉంటుందని తర్వాత చిట్టి అంది. అంత లోతుకి వీధి మాటలెలా వస్తాయంటే మాత్రం చెప్పలేకపోయింది.

కానీ అదంతా తర్వాతి సంగతి. ఆ పొద్దున టైపిస్టమ్మ లేచి పారిపోలేదు. ఎందుకో పారిపోవాలనిపించలేదట. కుర్చీ జాలీ వైపు తిప్పుకుంది. గొంతు సవరించుకుంది.

"బతికాడండీ," అంది మెల్లగా. "కాలు విరిగింది... ప్రాణానికేం భయం లేదన్నారు."

ఆవిడన్న మాటలు తెర మీద ఒక్కొక్కటే పడ్డాయి. ఆగాయి. కర్సర్ కాసేపు అక్కడే ఆరుతూ వెలుగుతూ ఉంది.

తర్వాత కింద కొత్త వరసలో మూడే మూడు అక్షరాలు పడ్డాయి.

'హమ్మయ్య'

ఆ మాట తనే అందేమోనని టైపిస్టమ్మ ఇప్పటికీ అనుకుంటూ ఉంటుంది. పెదవి కదిపినట్టు మాత్రం గుర్తులేదట.