ఉమ్మడికన్ను

ఆ ఉదయం మిరప వ్యాపారి పానకాలరావు చేతిలో ఉన్నవి మూడే. కోల్డ్ స్టోరేజీలో పదకొండు వందల నలభై టిక్కీల ఉప్పునేల మిరప, మలేషియాలోని పెనాంగ్ నుంచి కొనుగోలుదారు పెట్టిన నలభై రోజుల గడువు, ఆ మిరపను చూపిస్తే చాలు మొహం తిప్పుకునే కాయకన్ను.

టిక్కీ అంటే గుంటూరు యార్డులో మిరప బస్తా. కాయకన్ను అంటే ఏమిటో ఆ రోజుల్లో చంటిపిల్లలకి కూడా చెప్పనక్కర్లేదు. అరచేతిలో ఇమిడే పలక, మధ్యలో గాజుబిళ్ళ. ఏ వస్తువును దాని ముందు పెట్టినా ఒకటో రకమో, రెండో రకమో, మూడో రకమో చెప్పేది. ధ్రువాక్ష కంపెనీ దాన్ని తెచ్చి పద్నాలుగేళ్ళయింది. ఈ పద్నాలుగేళ్ళలో జనం వంకాయను నొక్కి చూడడం, చేప మొప్పలు ఎత్తి చూడడం, చీర అంచును వేళ్ళ మధ్య నలిపి చూడడం మానేశారు. యార్డులోనూ అంతే. తూకం కంటే ముందు కన్ను. అది మూడన్నాక ఇక మాట లేదు.

మొదట్లో అది మంచే చేసింది. రైతు కళ్ళెదుట కాయ విరిచి, తాలు ఎక్కువుందని పెదవి విరిచే వ్యాపారుల ఆటలు ఒక్క ఏడాదిలో కట్టాయి. పానకాలరావు ఆటలూ కట్టాయి. అయినా యార్డులో దాన్ని ముందుగా కొన్నవాళ్ళలో ఆయనొకడు. ఒక బేరంలో గంట మిగిలితే ఆ గంటలో ఇంకో బేరం చేసుకోవచ్చునని ఆయన లెక్క.

తర్వాత సముద్రం బాపట్ల పొలాల్లోకి జరిగింది. అక్కడి రైతులు ఏళ్ళ తరబడి తంటాలు పడి, ఉప్పెక్కిన నేలలో బతికే మిరపను తయారు చేసుకున్నారు. ముడతలు పడిన, నల్లెరుపు కాయ. ధ్రువాక్ష జాబితాలో ఆ కాయ లేదు. చూపిస్తే కన్ను, “గుర్తు పట్టలేదు, మూడో రకం,” అనేది. కొత్త రకాన్ని చేర్చమని పానకాలరావు ఏడాదిన్నరగా రాస్తున్నాడు. “మీ సూచన మాకెంతో విలువైనది,” అని ఏడాదిన్నరగా జవాబు వస్తోంది.

ఆరు గ్రామాలు ఆయన మాట మీద ఆ మిరప వేశాయి. “వేయండి, నేను కొంటా,” అన్నాడు, కొన్నాడు. ఈ సరుకు పెనాంగ్ గడప తొక్కకపోతే వచ్చే ఏడు ఆ గ్రామాల్లో ఎవరూ విత్తనం చల్లరు. ఆ నేలలో వేరే పంట రాదు. ఊళ్ళు ఖాళీ అవుతాయి.

పెనాంగ్‌లో సరుకు కొనే ఆవిడ షరతు మాత్రం విచిత్రంగా ఉంది. ధ్రువాక్ష ముద్రే కావాలని ఆవిడ అనలేదు. ఏ కన్నయినా ఫరవాలేదు, అక్కడా ఇక్కడా ఒకే కాయకు ఒకే మాట చెప్పాలి, ఎందుకు చెప్పిందో తాను లోపల తెరిచి చూసుకునే వీలుండాలి అంది.

ఆ షరతు పట్టుకుని పానకాలరావు కాటాల మెకానిక్ మస్తాన్‌వలి కొట్టుకు వెళ్ళాడు. యార్డులో చెడిపోయిన ప్రతి యంత్రమూ చివరికి చేరేది అక్కడికే.

“కంపెనీ ఎట్టా ఉందంటే మస్తానూ, పదేళ్ళ పిల్లాడి చొక్కా నాకు తొడిగింది. బిగుతుగా ఉందయ్యా అంటే, నన్నే చిక్కమంటోంది.”

“విప్పి పారేయండి మరి.”

“పారేసి ఏం తొడుక్కోను?”

మస్తాన్‌వలి బల్ల కింద నుంచి పాత కాయకన్ను తీశాడు. గాజుబిళ్ళ, పలక అవే. లోపల దాన్ని నడిపే కంపెనీ రాత అంతా తుడిచేసి వేరే రాత ఎక్కించాడు.

“దీన్ని ఉమ్మడికన్ను అంటారు శెట్టిగారూ. బాహాటమూలం. అంటే లోపలి రాత ఎవరైనా చదవచ్చు, దిద్దచ్చు, నకలు తీసి పక్కవాడికి ఇయ్యచ్చు. బ్రెజిల్‌లో కాఫీగింజల వాళ్ళు రాసుకున్నారు. అందరికీ వదిలేశారు.”

“మన కాయకి ఏ రకమంటుంది?”

“ఏమీ అనదు. అప్పుడే పుట్టిన పిల్లలాంటిది. కాయ చూపించి, ఇది ఒకటి, ఇది రెండు అని మనమే చెప్పాల. అదొక పాఠం. కొన్ని వేల పాఠాలు చెబితే నేర్చుకుంటది.”

పానకాలరావు గాజుబిళ్ళను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇన్నేళ్ళలో రాని ప్రశ్న ఆయనకు అప్పుడు వచ్చింది. “అయితే కంపెనీ కన్నుకి పాఠం చెప్పిందెవరు?”

“అది తెలిస్తే నేను కాటాలెందుకు బాగుచేస్తానండీ?”

యార్డులో నలభై ఆరుగురు వ్యాపారులు ఒప్పుకున్నారు. అందరూ కంపెనీ జవాబులతో విసిగినవాళ్ళే. తలా ఒక ఉమ్మడికన్ను తీసుకుని పది రోజులు పాఠాలు చెప్పారు. ఎవరి పాఠాలైనా అన్ని కన్నులకూ చేరతాయి. పదకొండో రోజు పొద్దున అందరూ మస్తాన్‌వలి కొట్టు ముందు చేరారు.

మొదట మంచి కాయ చూపించారు. “ఒకటో రకం,” అంది కన్ను. చప్పట్లు కొట్టారు. తాలు కాయ చూపించారు. “ఒకటో రకం.” బూజు పట్టిన కాయ. “ఒకటో రకం.” మస్తాన్‌వలి మెడలోని తుండు తీసి ముందు పెట్టాడు. ఒకటో రకమే. పానకాలరావు చెప్పు కూడా ఒకటో రకమే.

“మీ చెప్పు ఎగుమతి చెయ్యచ్చు శెట్టిగారూ,” అన్నాడెవరో వెనక నుంచి.

మస్తాన్‌వలి పాఠాల చిట్టా తెరిచి గట్టిగా చదివాడు. “పానకాలరావు గారు, నాలుగు వందల పాఠాలు. నాలుగు వందలూ ఒకటో రకమే. రాఘవరెడ్డి గారు, ఆరు వందల పది. అన్నీ ఒకటే. సుబ్బారాయుడు గారు మూడు వందల యాభై. ఆ, రెండో రకం ఒకటుందండోయ్! ఆయన దగ్గర అమ్ముడైపోయిన సరుకు తాలూకు.”

నవ్వులు లేచాయి. చదవమని ఎవరూ అడగకపోయినా చిట్టా అందరికీ కనబడుతూనే ఉంది. ఎవరికి వారు తమ టిక్కీల్లోని కాయను పట్టుకెళ్ళి ఇది మేలైనదని చెప్పారు. పక్కవాడూ అదే చేస్తాడని నలభై ఆరుగురిలో ఒక్కరికీ తట్టలేదు, లేదా అందరికీ తట్టింది.

పానకాలరావు సిగ్గుపడడానికి ఎక్కువసేపు తీసుకోలేదు. ముప్ఫై రోజులు మిగిలాయి. ఆయన ఆలోచన వ్యాపారి ఆలోచనే: మిరప బాగా తెలిసి, మిరప సొంతానికి లేనివాళ్ళెవరు?

తొడిమలు తీసే షెడ్డులో నూట ఇరవైమంది ఆడవాళ్ళు ఘాటులో ముక్కులకు గుడ్డలు కట్టుకుని కూర్చుంటారు. కాయ నలక్కుండా తొడిమ తీసే యంత్రం ఇంకా రాలేదు కాబట్టి వాళ్ళ పని మిగిలింది. వాళ్ళకు పెద్ద సువార్తమ్మ. ముప్ఫై రెండేళ్ళుగా ఆ షెడ్డులోనే ఉంది.

పానకాలరావు నేల మీద, ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. పక్కనున్న పిల్ల కరుణ పని ఆపి చూసింది. శెట్టిగారు నేల మీద కూర్చోవడం ఆ షెడ్డు ఎప్పుడూ చూడలేదు.

“ఏందండీ, చెప్పులు కూడా ఒకటో రకమయినాయంట?” అంది సువార్తమ్మ, చేతిలో పని ఆపకుండా.

“వచ్చిందా ఇక్కడిదాకా?”

“మీకంటే ముందే వచ్చింది.”

ఆయన ఉప్పునేల కాయలు నాలుగు ఆమె ముందు పెట్టాడు. ఆమె చూడను కూడా చూడలేదు. బొటనవేలితో తొడిమ మొదలు నొక్కి లాగింది, తర్వాత ఇంకోటి.

“ఇదీ, ఇదీ మంచియ్యి. తొడిమ పుటుక్కున వచ్చింది చూడండి. ఇది లోపల చెమ్మ, పీకుతుంటే సాగుతుంది. ఈ కాయకి ఎరుపు చూస్తే ఎట్టా? ఉప్పు తాగి పెరిగింది. తోలు మందం చూడాల.”

“నాలుగోది?”

“రెండు,” అంది సువార్తమ్మ.

“ఒకటే,” అంది కరుణ.

“నీ మొహం. ఆ ముడత చూడు.”

“ముడత వయసుది పిన్నీ, పుచ్చు కాదు. నీకు లేవా ముడతలు?”

షెడ్డంతా నవ్వింది. పానకాలరావు విషయం చెప్పాడు. దినకూలి కంటే ఎక్కువే ఇస్తామన్నాడు. సువార్తమ్మ గుడ్డ తీసి మూతి తుడుచుకుంది.

“కూలి సంగతి సరే. మా షరతులు మూడున్నాయి. మీ కాయా, రెడ్డిగారి కాయా కలిపి పోయాల. ఎవరిదేదో మాకు తెలియగూడదు. పాఠం కింద మా పేరుండాల. తప్పయితే మమ్మల్నే అడగాల, మీరు మధ్యలో పడి మాట మార్చగూడదు. ఒక్కో కాయ ముగ్గురం చూస్తాం. కుదరకపోతే కుదరలేదనే రాయాల.”

“కుదరలేదని రాస్తే కన్ను ఏం చెబుతుంది?”

“తగువుందని చెబుతుంది. అబద్ధం చెప్పమంటారా?”

మస్తాన్‌వలి లోపలి రాత దిద్దడానికి రెండు రోజులు పట్టింది. ప్రపంచంలోని ఏ కన్నూ చెప్పని నాలుగో మాట అలా చేరింది: “తగువు ఉంది.” కంపెనీ కన్నుకు ఇది చేర్పించాలంటే ఎన్నేళ్ళు ఉత్తరాలు రాయాలో అని పానకాలరావు మనసులో అనుకున్నాడు.

పదిహేను రోజుల్లో ఇరవై రెండు వేల పాఠాలయ్యాయి. పదహారో రోజున ఆయన తన టిక్కీలన్నిటికీ ఉమ్మడికన్ను పెట్టాడు. ఏడు వందల ముప్ఫై నాలుగు ఒకటో రకం. మూడు వందల పది, రెండూ మూడూ. తొంభై ఆరింటి మీద తగువు.

ఆయన ఆ అంకెలను ఇంకోసారి కూడుకున్నాడు. అవన్నీ ఒకటో రకమని నమ్మి కొన్నవి. నమ్మి అనడం కూడా పూర్తి నిజం కాదు. ఆరు గ్రామాల వాళ్ళ మొహాలు చూసి కొన్నాడు.

“మస్తానూ, ఇది బాహాటమే గదా. నేనొక నకలు తీసుకుని, నా పద్ధతిలో నాలుగు పాఠాలు చెప్పుకుంటే?”

“తీసుకోండి. ఎవరూ ఆపరు. ఆపితే ఇంక బాహాటమేంది?” మస్తాన్‌వలి స్క్రూ బిగిస్తూనే అన్నాడు. “కాకపోతే పాఠం కింద పేరు మీది పడుద్ది. పెనాంగావిడ తెరిచి చదువుకుంటది.”

“చదవదులే.”

“చదవకపోతే అదృష్టవంతులే. మరి ఆవిడ తెరిచి చూసుకుంటానందని చెప్పింది మీరే గదండీ.”

అడ్డుపడేవాళ్ళు లేని దొంగతనం చేయడం ఇంత కష్టమని పానకాలరావుకు అప్పటిదాకా తెలియదు. కంపెనీ కన్ను రోజుల్లో తప్పు జరిగితే అది కంపెనీదే. ఇప్పుడు ఏ తప్పయినా ఎవరో ఒకరి ఇంటిపేరుతో సహా కనిపిస్తుంది. మర్నాడు ఆయన అంకెలు ఉన్నవి ఉన్నట్టు పంపాడు, వాటితో ఒక పెట్టెలో నమూనా కాయలూ, ఒక ఉమ్మడికన్నూ. మూడు రోజులు జవాబు లేదు. ఆ మూడు రోజులూ బాపట్ల నుంచి వచ్చిన ఫోన్లకు, “అడిగాం, చెబుతారు,” అన్నది తప్ప ఇంకో మాట అనలేదు.

నాలుగో రోజు ఆవిడే మాట్లాడింది. ఏడు వందల ముప్ఫై నాలుగూ తీసుకుంటానంది. తగువున్న తొంభై ఆరు కూడా పంపమంది, తన వంటవాళ్ళు ఏమంటారో చూడాలని. “అన్నీ ఒకటో రకమని రాసుంటే పెట్టె తెరిచేదాన్ని కూడా కాదు,” అంది. మిగతా మూడు వందల పదీ కారం మిల్లులకు వెళ్ళాయి. ఆ ఏడు బాపట్ల వైపు తొమ్మిది గ్రామాలు ఉప్పునేల మిరప వేశాయి.

ఉమ్మడికన్నుకు ఎల్లలు లేవు కాబట్టి అది యార్డు దాటిపోయింది. వరంగల్ వాళ్ళు నకలు తీసుకున్నారు, ఖమ్మం వాళ్ళు తీసుకున్నారు. ధ్రువాక్ష ముద్ర ఎక్కడో పెద్ద ఓడరేవుల్లో మిగిలింది. గుంటూరులో దాన్ని ఎవరూ తిట్టడం లేదు, తలుచుకోవడమూ లేదు.

మరుసటి మాఘమాసంలో ఒకరోజు మధ్యాహ్నం, భుజాన సంచితో ఒక మనిషి షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఖమ్మం అవతల తండా నుంచి వచ్చిన బానోతు సక్రు. రెండు బస్సులు మారాడు.

“సువార్తమ్మ ఎవరు ఇక్కడ?”

“నేనే. ఏం కావాలయ్యా?”

“నా కాయను మూడో రకమన్నది నువ్వేనా? కన్ను చెప్పింది, ‘పాఠం చెప్పినవారు సువార్తమ్మ, గుంటూరు’ అని. నువ్వు నా కాయ ఎప్పుడు చూసినవమ్మా?”

షెడ్డులో చేతులు ఆగాయి. ఆ పూట అక్కడే కూర్చుని ఉన్న పానకాలరావు లేవబోయాడు. సువార్తమ్మ ఆయన వైపు ఒక చూపు చూసింది, ఆయన మళ్ళీ కూర్చున్నాడు. ఆమె సంచిలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసింది. నల్లగా ఉంది. అలాంటి నలుపును ఆమె కుళ్ళు అని వందసార్లు పాఠం చెప్పింది.

“నలుపయ్యా. నలుపంటే కుళ్ళే గదా.”

“కోతకొచ్చినంక ఎనిమిది రోజులు వాన పడ్డది. కల్లంలో పోస్తే పోతదని పొయ్యి మీద అటక కట్టి ఆరబెట్టిన. అది పొగ. విరువు, విరిచి చూడు.”

ఆమె విరిచింది. లోపల పసుపురంగు, గింజలు గలగలమన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది, కరుణకు ఇచ్చింది. ఇంకో రెండు విరిచింది. తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుని మామూలు గొంతుతో అంది:

“నేను తప్పు చెప్పానయ్యా. ఇది మూడు కాదు. ఇట్టాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు.”

సక్రు సంచి దించి కింద పెట్టాడు. రెండు బస్సుల దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఇంకా అలాగే ఉన్నట్టున్నాయి. “ఇప్పుడేం చేస్తవు మరి?” అన్నాడు చివరికి.

“దిద్దుతా. నువ్వు కూర్చుని చెప్పు, అటక ఎంత ఎత్తులో కట్టావు? ఏ కట్టె?”

“తుమ్మ. మామిడి కూడా వేసిన. మామిడయితే వాసన వేరే ఉంటది.”

“అయితే రెండూ వేరే వేరే చెప్పాల. కరుణా, కన్ను తే. నీ పేరు కూడా చెప్పయ్యా, పాఠం కింద పెడతాం. నీ కాయ నీకే బాగా తెలుసు.”

సాయంత్రానికి ఆ దిద్దుబాటు వరంగల్‌లో, ఖమ్మంలో, పెనాంగ్‌లో, ఉమ్మడికన్ను ఉన్న ప్రతి చేతిలోకీ చేరింది. పొగ నలుపు, కుళ్ళు కాదు. చెప్పినవారు బానోతు సక్రు, సువార్తమ్మ. ఆ కన్నును రాసిన బ్రెజిల్ వాళ్ళు అది బాగా చూడాలని ఆలోచించి ఉంటారు. దాన్ని నిలదీయడానికి ఒక మనిషి సంచీ భుజాన వేసుకుని వస్తాడని, వచ్చి పాఠం చెప్పి వెళతాడని అనుకొని ఉండరు.

ఆ రాత్రి పానకాలరావు ఏడాది లెక్క చూసుకున్నాడు. పాఠాల చిట్టాలో దిద్దుబాట్లు లెక్కపెట్టాడు. కంపెనీ కన్ను పద్నాలుగేళ్ళలో ఒక్క తప్పూ ఒప్పుకోలేదు. ఉమ్మడికన్ను ఒక్క ఏడాదిలో పదిహేడు ఒప్పుకుంది. పదిహేడూ ఎవరివో తెలుసు, ఎవరు వచ్చి దిద్దించారో తెలుసు. ఆయన ఆ పదిహేడునూ లాభం వైపే వేసుకున్నాడు.