కిందిలాకు గట్టు మీద శవదీపం

చీకటి పడితే కిందిలాకు గట్టు మీద నరమానవుడు కనిపించేవాడు కాదు. గనిలో పొద్దుపోయేదాకా పనిచేసి పైకొచ్చినవాళ్లు ఒళ్లు హూనమై ఉన్నా సరే, కొండ చుట్టూ తిరిగి ఇళ్లకి పోయేవాళ్లు కానీ ఆ అడ్డదారి తొక్కేవాళ్లు కాదు. భూమి అడుగున, నెత్తి మీద కొండ పెట్టుకుని పనిచేసే మగాళ్లు... వాళ్లకీ ఆ గట్టంటే హడలే.

ఎందుకంటే అక్కడ శవదీపం నడిచేది.

ఎక్కడైనా చావు రాబోతుంటే, ఊరి ప్రార్థన మందిరం, చాపెల్ వెనక సమాధుల దొడ్డిలోంచి చిన్న వెలుగొకటి లేస్తుంది. శవపేటిక ఏ దారిన పోవాలో ఆ దారినే నడిచి, పేటిక ఆగబోయే చోట తానూ ఆగి, చనిపోయేవాళ్ల గుమ్మం దాకా వచ్చి వెళ్తుంది. ఎదురుపడితే తప్పుకుని, దారి పక్క రాతిగోడవైపు మొహం తిప్పుకుని, అది దాటేదాకా ఊపిరి బిగబట్టాలి. చూడకూడదు. పలకరించకూడదు. అడ్డం నిలబడితే మాత్రం... ఆ నిలబడ్డవాడు మళ్లీ కోలుకోడు. ఆ లోయలో పుట్టిన ప్రతివాళ్లకీ ఇది ఉగ్గుపాలతోనే తెలుసు.

అసలా కాలవ మొదట్నుంచీ అలాంటిది కాదు. తాతల నాడు పలుగూ పారా పట్టి తవ్విన కాలవ. పైగనుల బొగ్గంతా, కొలుముల ఇనుమంతా గుర్రాలు లాగే పడవల్లో లాకు తర్వాత లాకు దిగుతూ సముద్రపు రేవుకి చేరేది. ముందు నా పడవంటే నా పడవని లాకుల దగ్గర కొట్టుకునేవాళ్లు. ఆ బూతులు వినలేక అప్పటి పాస్టరుగారు చెవుల్లో దూది పెట్టుకునేవారని చెప్పుకుంటారు. తర్వాత రైలొచ్చింది. పడవవాళ్లు రోజంతా ఈడ్చే సరుకుని పొద్దున టిఫిను వేళకే రేవులో దింపేసేది. అడుగున గనులు నేలని తినేస్తూ వచ్చాయి, పైన గట్లు కుంగాయి. కంపెనీవాళ్లు మరమ్మతులు మానేశారు. చివరికి మిగిలింది నాచూ, అరాకొరా పడవలూ, లాకు గ్విలిమ్.

తండ్రి తర్వాత కిందిలాకు తలుపులు తీసి మూసే పని గ్విలిమ్‌ది. లాకు పక్కనే ఇల్లు. భార్య టెగ్వెన్, ఐదేళ్ల కూతురు నెస్ట్. ఆ పిల్లకి పడవ గుర్రాలంటే ప్రాణం. గిట్టల చప్పుడు వినిపిస్తే చేతిలో రొట్టెముక్క గుర్రానికి పెట్టడానికి పరిగెత్తేది.

చలికాలం మొదట్లో, మంచు దట్టంగా పట్టిన ఒక ఉదయం, గ్విలిమ్ పడవని లాకులోంచి దింపుతున్నాడు. పిల్ల వెనకాలే ఉంది. తలుపు మూసి తిరిగి చూస్తే... లేదు. నీళ్ల మీద ఉన్ని టోపీ ఒక్కటే తేలుతోంది.

లాకు ఖాళీ చేశారు. కొక్కేలు వేసి కాలవంతా గాలించారు. పిల్ల దొరకలేదు. నదిలో కలిసి సముద్రంలోకి పోయుంటుందని పెద్దలు తేల్చారు. శవం లేదు కాబట్టి సాగనంపడమూ లేదు. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్లిపోయారు.

ఆ రోజు నుంచీ గ్విలిమ్ రాత్రిళ్లు గోడవైపు తిరిగి పడుకునేవాడు. తలుపులు తిప్పింది తన చేతులే. ఆ చేతులతో భార్యని ముట్టుకోవాలంటే భయం, ఆమె మొహం చూడాలంటే ఇంకా భయం. టెగ్వెన్ తిండి మానేసింది. మనిషి పుల్లలా అయిపోయింది.

సరిగ్గా అప్పుడే దీపం నడక మొదలైంది.

ఎవరూ దాన్ని తిన్నగా చూడలేదు, చూడకూడదు కదా. కంటికొసలకి కనిపించినంతే. అది లాకు ఇంటివైపే పోతోందని మాత్రం అందరూ ఒక్కమాట మీద ఉన్నారు. ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరు. వాళ్లలో ఎవరి కోసమో, టెగ్వెన్‌ని చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేకపోయింది.

పాత స్నేహితుడు, గుర్రాలు తోలే ఇథెల్, ఒక సాయంత్రం వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఒరేయ్ గ్విలిమ్... చెల్లెమ్మని పుట్టింటికి పంపెయ్‌రా," అన్నాడు గొంతు తగ్గించి. "అది వచ్చేది మీ గుమ్మానికే."

ఆ రాత్రి గ్విలిమ్‌కి నిద్ర పట్టలేదు. ఒకదాన్ని మింగింది ఈ గట్టు. రెండోదాన్ని ఇచ్చేది లేదు. అడ్డం నిలబడితే పోతానంటే... పోతాను, ఏమైంది? టెగ్వెన్ మిగులుతుంది.

చీకట్లో తడుముకుంటూ లేచాడు. ఆమె దుప్పటి ముసుగేసినట్టే ఉంది. లాకు తిప్పే ఇనప పిడి చేతపట్టుకుని, చప్పుడు కాకుండా గట్టెక్కి, దారికి అడ్డంగా నిలబడ్డాడు.

మంచు... కాలవలో నీరు కదలడం లేదు... ఎక్కడో కారుతున్న చుక్కల చప్పుడు.

అప్పుడు కనిపించింది.

చిన్న నీలి వెలుగు. మనిషి మోకాలికి కొంచెం పైన. తొందర లేకుండా వస్తోంది. గ్విలిమ్‌కి గోడవైపు తిరగమని ఒళ్లంతా చెబుతోంది. తిరగలేదు. పిడి బిగించి పట్టుకున్నాడు. వెలుగు దగ్గరైంది... దాని వెనక ఏదో తెల్లగా... అడుగుల చప్పుడు—

"ఎవరది?"

"తప్పుకో, గ్విలిమ్."

టెగ్వెన్. రాత్రిగౌను మీద శాలువా కప్పుకుని ఉంది.

అతను పిడి కిందికి దించాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఊరు ఊరంతా హడలి చచ్చింది తన పెళ్లాన్ని చూసా? కూతుర్ని వెతుక్కుంటూ లాంతరు పట్టుకుని తిరుగుతోంది పిచ్చిది, అంతే కదా.

"ఆ లాంతరిలా ఇవ్వు. ఇంటికి పోదాం పద."

టెగ్వెన్ రెండు చేతులూ చాపింది. ఖాళీగా ఉన్నాయి.

వెలుగు ఆమె ముందు గాలిలో నిలిచి ఉంది. మెల్లగా కదిలి, గ్విలిమ్ పక్కనుంచి ముందుకి సాగిపోయింది. ఏమీ కాలేదతనికి. మోకాలి దగ్గర కాస్త చల్లగా తగిలింది.

"అది నా కోసం కాదు," అంది టెగ్వెన్, గుసగుసగా. "కొన్నాళ్లుగా దాని వెనకే నడుస్తున్నా. మన గుమ్మం దగ్గర ఆగదు, దాటి పోతుంది. ఊరంతా గోడవైపు తిరిగితే ఎవరికి తెలుస్తుంది? అది రాబోయే చావు కాదు, గ్విలిమ్. మన ఇంట్లో చావు అయిపోయింది. సాగనంపడమే మిగిలింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వూ గోడవైపే తిరిగి పడుకుంటున్నావు కదా."

గ్విలిమ్ పిడి గట్టున పడేసి ఆమె పక్కకి వచ్చాడు.

ఇద్దరూ దాని వెనక నడిచారు. వెలుగు ఇంటి గుమ్మం దాటింది. లాకు దాటింది. వెనకవైపు, మిగులు నీరు పోయే పాత తూము దగ్గరికెళ్లి, నీటి మీద కాసేపు నిలిచి, మునిగిపోయింది.

ఆ తూముని ఎవరూ వెతకలేదు. నోటికి అడ్డంగా ఇనప ఊచలున్నాయి, పిల్లి కూడా దూరదు. గ్విలిమ్ తండ్రి తన చేతులతో బిగించినవి. వాటిలోంచి పోయే వీల్లేదని అందరికీ చెప్పింది కూడా గ్విలిమే.

నడుం లోతు నీళ్లలో దిగి ఊచలు తడిమాడు. ఒకటి... పక్కన ఇంకొకటి... ఆ పక్కన ఏమీ లేదు. తుప్పు తినేసింది. ఆ సందులోకి భుజం దాకా చెయ్యి పెట్టాడు. వేళ్లకి ఉన్ని గుడ్డ తగిలింది.

ఆ లోయలో శవం వెనక మగాళ్లే నడుస్తారు, ఆడవాళ్లు ఇంట్లో కిటికీ తెరలు దించుకుని కూర్చుంటారు. టెగ్వెన్ మాత్రం అందరికంటే ముందు నడిచింది. పాస్టరుగారు ఏదో చెప్పబోయి మానుకున్నారు. పేటిక చిన్నది, నలుగురి భుజాలు అక్కర్లేదు. గ్విలిమ్ ఒక్కడే రెండు చేతుల్లో మోశాడు. వెనక మగాళ్లు పాట అందుకున్నారు.

గట్టు దిగి, రాతివంతెన దగ్గరికి వచ్చేసరికి అతనివల్ల కాలేదు. వంతెన గోడ మీద కూలబడి, పేటికని ఒళ్లో పెట్టుకుని, గట్టిగా పొదువుకున్నాడు. పాట ఆగిపోయింది. ఇథెల్ వచ్చి చేతులు చాపాడు, ఇవ్వలేదు. పాస్టరుగారు భుజం మీద చెయ్యి వేశారు, లేవలేదు. ఎంతసేపు అలా ఉన్నాడో ఎవరికీ తెలియదు.

ముందు నడుస్తున్న టెగ్వెన్ వెనక్కి వచ్చింది. ఏమీ తొందరపెట్టకుండా అతని పక్కన కూర్చుని, పేటిక మీద చెయ్యి వేసింది.

"ప్రతి రాత్రీ అది ఇక్కడికొచ్చి చాలాసేపు ఆగిపోయేది, గ్విలిమ్," అంది. "ఎందుకాగుతోందో నాకు అర్థమయ్యేది కాదు."